సర్వర్ ఫ్యాన్ మారుస్తున్నారా? మోత తగ్గించే ముందు గాలి లెక్క చూసుకోండి

గత మే నెలలో మలక్‌పేటలోని ఒక చిన్న డయాగ్నొస్టిక్ ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. "భాయ్, రిపోర్టులు ఓపెన్ కావడం లేదు. పేషంట్లు కౌంటర్ దగ్గర నిలబడ్డారు, జర తొందరగా రండి" అన్నారు ఓనర్. వెళ్లి చూస్తే సర్వర్ ఆన్‌లోనే ఉంది, లైట్లు వెలుగుతున్నాయి. గది మాత్రం నిశ్శబ్దంగా ఉంది. పక్కనే సర్వర్ నడుస్తుంటే గది అంత నిశ్శబ్దంగా ఉండకూడదు.

అది సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2యూ ర్యాక్ సర్వర్. రిసెప్షన్ వెనకే పెట్టుకున్నారు. ఫిబ్రవరిలో ఒక ఫ్యాన్ పాడైంది. మిగతా ఐదూ హోరెత్తడం మొదలుపెట్టాయి. పిలిపించిన మెకానిక్ ఆ ఒక్క ఫ్యాన్ మార్చకుండా, ఆరింటినీ పీకేసి, వైర్లు కోసి అతికించి, ఇంటి కంప్యూటర్లకు వాడే సైలెంట్ ఫ్యాన్లు బిగించాడు. వార్నింగ్ రాకుండా సెట్టింగుల్లో హద్దులు కూడా తగ్గించేశాడు. చలి కాలం చివర కాబట్టి మూడు నెలలు బండి నడిచింది. మేలో ఏసీ ఆగిపోయిన ఒక మధ్యాహ్నం డిస్కులను నడిపించే రెయిడ్ కార్డు వేడెక్కి చేతులెత్తేసింది. చివరి బ్యాకప్ 11 రోజుల కిందటిది. ఆ 11 రోజుల రిపోర్టుల్లో కొన్నింటిని పరీక్షలు చేసే మెషిన్ల నుంచి, కొన్నింటిని కాగితాల నుంచి చూసి మళ్లీ ఎక్కించారు. ఏదీ దొరకని కొందరు పేషంట్లను మళ్లీ పిలిచి రక్తం తీయాల్సి వచ్చింది.

సర్వర్లు ఇప్పుడు పెద్ద కంపెనీల దగ్గరే లేవు. స్కూళ్లు, క్లినిక్‌లు, చిన్న ఆఫీసులు, ఇంట్లో ప్రాక్టీస్ చేసుకునే స్టూడెంట్లు కూడా పాత సర్వర్లు కొంటున్నారు. వాటిలో ముందుగా పాడయ్యే భాగాల్లో ఫ్యాన్ ఒకటి. మార్చడం పెద్ద కష్టమేమీ కాదు. ఏ ఫ్యాన్ వేయాలన్నది తెలియకే పొరపాట్లు జరుగుతున్నాయి.

అంత మోత ఎందుకు చేస్తాయి?

ర్యాక్ సర్వర్ల ఎత్తును 'యూ'లలో కొలుస్తారు. 1యూ అంటే 1.75 అంగుళాలు, దాదాపు 44 మిల్లీమీటర్లు. అంత సన్నటి పెట్టెలో 40 మిల్లీమీటర్ల ఫ్యాన్‌కు మించి పట్టదు. 2యూ అయితే సాధారణంగా 60 మిల్లీమీటర్ల ఫ్యాన్లు ఉంటాయి. ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ రెక్కలు పెద్దవి కాబట్టి నిమిషానికి 400కు అటూ ఇటూ చుట్లు తిరిగినా సరిపోతుంది. అరచేతిలో పట్టే సర్వర్ ఫ్యాన్ సరిపడా గాలి తోయాలంటే అవసరమైనప్పుడు 10,000 చుట్లు దాటి తిరగాలి. 1యూ ఫ్యాన్లు కొన్ని 15,000 పైన కూడా తిరుగుతాయి. మోత అక్కడి నుంచే వస్తుంది.

పైగా గాలికి దారి కూడా ఇరుకు. ముందు వరుసగా డిస్కులు, వాటి వెనక ఫ్యాన్ల గోడ, దాని వెనక ప్రాసెసర్ల మీద దువ్వెన పళ్లలాంటి హీట్‌సింకులు, పక్కన మెమరీ, చివర కార్డులు. గాలి ముందు నుంచి లోపలికి వచ్చి వీటన్నింటి సందుల్లోంచి దూరి వెనక నుంచి బయటికి పోవాలి. స్ట్రాతో మజ్జిగ తాగడం వేరు, చిక్కటి ఫలూదా లాగడం వేరు. రెండోదానికి నోటి బలం కావాలి. ఫ్యాన్ విషయంలో ఆ బలాన్ని 'స్టాటిక్ ప్రెజర్' అంటారు.

ఒకే ఫ్యాన్ వేగం సగానికి తగ్గిస్తే అది తోసే గాలి సగం అవుతుంది, ప్రెజర్ నాలుగో వంతుకు పడిపోతుంది. మూడో వంతు వేగానికి తగ్గిస్తే ప్రెజర్ తొమ్మిదో వంతే మిగులుతుంది. సైలెంట్ ఫ్యాన్ 5,000 చుట్లకు మించి తిరగదు కాబట్టే సైలెంట్‌గా ఉంటుంది. దాని ముందు చెయ్యి పెడితే గాలి బాగానే తగులుతుంది, ఎందుకంటే అక్కడ అడ్డేమీ లేదు. సర్వర్ లోపల అదే గాలి హీట్‌సింక్ దాకా వెళ్లి ఆగిపోతుంది.

ప్రాసెసర్ తనను కాపాడుకుంటుంది, మిగతావి?

చాలామంది ప్రాసెసర్ టెంపరేచర్ చూసి "80 లోపే ఉంది, పర్వాలేదు" అనుకుంటారు. వేడెక్కితే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఇంకా ముదిరితే మెషిన్‌ను ఆపేస్తుంది. హార్డ్ డిస్కుల్లో అలాంటి ఏర్పాటు లేదు. మామూలుగా వాటికి కంపెనీలు పెట్టే పై హద్దు 60 డిగ్రీలు. రెయిడ్ కార్డు మీద చిన్న హీట్‌సింక్ ఉంటుంది గానీ సొంత ఫ్యాన్ ఉండదు. ఇలాంటి చాలా కార్డులకు నిమిషానికి 200 అడుగుల వేగంతో గాలి వీస్తూ ఉండాలని తయారీదారులే రాస్తారు. ఆ గాలి సర్వర్ ఫ్యాన్ల నుంచే రావాలి. ల్యాబ్‌లో ప్రాసెసర్‌కు ఏమీ కాలేదు. డేటా పోయింది రెయిడ్ కార్డు వల్ల.

నిజంగా ఫ్యానే పోయిందా?

మోత పెరిగిందని వెంటనే ఫ్యాన్ కొనకండి. ముందు సర్వర్‌నే అడగండి. డెల్‌లో ఐడ్రాక్, హెచ్‌పీలో ఐలో, మిగతావాటిలో ఐపీఎంఐ పేరుతో ఒక పేజీ ఉంటుంది. అందులో ప్రతి ఫ్యాన్ నంబరు, దాని వేగం కనిపిస్తాయి.

ఒకే ఫ్యాన్ వేగం మిగతావాటికంటే బాగా తక్కువగా ఉన్నా, సున్నా చూపించినా, గరగరమంటున్నా ఆ ఫ్యాన్ బేరింగ్ పోయినట్టే. దాని లోటు తీర్చడానికి మిగతావి వేగం పెంచుకుంటాయి. అలాంటప్పుడు మార్చాల్సింది ఆ ఒక్కదాన్నే.

అన్ని ఫ్యాన్లూ సమానంగా, గట్టిగా తిరుగుతుంటే కారణం వేరే ఉంది. గది వేడిగా ఉండొచ్చు, ముందు జాలీలో దుమ్ము పేరుకుని ఉండొచ్చు. ప్రాసెసర్ల మీద ఉండే ప్లాస్టిక్ గాలి మూతను ఎవరో తీసి మళ్లీ పెట్టకపోయి ఉండొచ్చు. డిస్కు లేని చోట పెట్టే డమ్మీ మూతలు లేకపోయినా ఇంతే, గాలి దారి తప్పుతుంది. డెల్ పవర్‌ఎడ్జ్ సర్వర్లలో ఇంకో సంగతి ఉంది. డెల్ గుర్తుపట్టని బయటి కార్డు ఏదైనా పెడితే, దానికి ఎంత గాలి కావాలో తెలియక ముందు జాగ్రత్తగా ఫ్యాన్లను పెంచేస్తుంది. అప్పుడు ఫ్యాన్లు మార్చినా మోత తగ్గదు. ఐపీఎంఐ ద్వారా ఆ సెట్టింగ్ మార్చుకోవాలి.

పాత సర్వర్ కొన్నవాళ్లు ఫ్యాన్ వయసు కూడా లెక్కేసుకోవాలి. మంచి సర్వర్ ఫ్యాన్‌కు 60 డిగ్రీల వేడిలో 40,000 గంటల జీవితం అని రాసి ఉంటుంది. ఏడాదికి 8,760 గంటలు. అంటే రాత్రింబవళ్లు తిరిగితే నాలుగున్నరేళ్లు. చల్లటి డేటా సెంటర్‌లో తిరిగినది ఇంకా ఎక్కువే వస్తుంది. దుమ్ము, వేడి ఉన్న గదిలో ఆ ఆశ పెట్టుకోకండి.

కొనే ముందు ఏం చూడాలి?

అన్నిటికంటే సులువైన పద్ధతి, పాత ఫ్యాన్ మీద ఉన్న పార్ట్ నంబర్ ఫోటో తీసుకుని అదే నంబర్ అడగడం. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి మార్కెట్‌కు వెళ్లేటప్పుడు పాత ఫ్యాన్‌ను వెంట తీసుకెళ్తే మరీ మంచిది. అదే నంబర్ దొరక్కపోతే ఇవి సరిపోవాలి.

కొలత: పొడవు వెడల్పులతో పాటు మందం కూడా. 40 మిల్లీమీటర్ల ఫ్యాన్ 20, 28, 56 మిల్లీమీటర్ల మందంలో వస్తుంది. 56 మందంవాటిలో సాధారణంగా ఒకదాని వెనక ఒకటిగా రెండు ఫ్యాన్లు ఉంటాయి, రెండూ తమ వేగాన్ని విడివిడిగా సర్వర్‌కు చెబుతాయి. అక్కడ ఒంటి ఫ్యాన్ పెడితే ఒకటి పోయిందనే అనుకుంటుంది సర్వర్.

కరెంటు: దాదాపు అన్నీ 12 వోల్టులే. ఆంపియర్లు చూడండి. ఇంటి కంప్యూటర్ ఫ్యాన్ 0.1 ఆంపియర్ దగ్గర ఉంటే, సర్వర్ ఫ్యాన్ ఒక్కటే 1 ఆంపియర్ దాటొచ్చు. పాతదానికంటే చాలా తక్కువ ఉంటే బలం లేనిదని అర్థం. చాలా ఎక్కువ ఉంటే బోర్డు మీది కనెక్టర్ కాలిపోవచ్చు.

వైర్ల రంగు: ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. మామూలు కంప్యూటర్ ఫ్యాన్లు కొన్నింటిలో పసుపు వైరు అంటే 12 వోల్టులు. చాలా సర్వర్ ఫ్యాన్లలో 12 వోల్టులది ఎరుపు, పసుపు వైరు సిగ్నల్‌ది. రంగు నమ్మి అతికిస్తే సిగ్నల్ దారిలోకి 12 వోల్టులు పోతాయి. ఫ్యాన్‌తో పాటు బోర్డు కూడా ఖతం. ఆ మోడల్ డేటాషీట్ చూడనిదే వైర్లు కోయకండి.

మార్చే పద్ధతి

ఉదాహరణకు డెల్ పవర్‌ఎడ్జ్ ఆర్720 తీసుకుందాం. 2012లో వచ్చిన 2యూ సర్వర్. ఇందులో ఆరు ఫ్యాన్లు ఉంటాయి, సర్వర్ ఆపకుండానే మార్చుకునే రకం. అయినా వీలుంటే ఆపి మార్చడమే మంచిది. ఆపి చేస్తే రెండు పవర్ కేబుళ్లూ పీకండి, ఒకటి పీకితే చాలదు.

1. మొట్టమొదట బ్యాకప్ తీయండి. తీసిన బ్యాకప్ ఓపెన్ అవుతోందో లేదో కూడా చూడండి.

2. పేజీలో చూపించిన ఫ్యాన్ నంబర్ రాసుకోండి. పై మూత తీస్తే లోపల అదే వరుసలో నంబర్లు ఉంటాయి. పక్క ఫ్యాన్ పీకేస్తే రెండు ఫ్యాన్లు లేనట్టవుతుంది.

3. నడుస్తున్న సర్వర్ మూత తీస్తే ఐదు నిమిషాలు దాటనివ్వకండి. మూత తీస్తే చల్లగా ఉంటుందని కొందరు అనుకుంటారు. కానీ గాలి హీట్‌సింకుల్లోంచి పోకుండా పైకి లేచిపోతుంది. కొత్త ఫ్యాన్ చేతిలో రెడీగా పెట్టుకునే మూత తీయండి.

4. తడి చేతులు, ఉంగరాలు వద్దు. సర్వర్ ఇనుప పెట్టెను ఒకసారి తాకి ఒంట్లోని స్టాటిక్ పోగొట్టుకోండి.

5. ఫ్యాన్ మీది నొక్కు పట్టీని నొక్కి నిటారుగా పైకి లాగండి. రెక్కలు ఇంకా తిరుగుతుండొచ్చు, వేలు జాగ్రత్త. ఒకసారి ఒక్క ఫ్యానే తీయాలి.

6. కొత్తదాన్ని కనెక్టర్‌కు ఎదురుగా పెట్టి, టక్‌మని పట్టేదాకా నొక్కండి. విడి ఫ్యాన్‌ను పాత చట్రంలో బిగిస్తుంటే చట్రం మీది బాణం గుర్తు చూడండి. గాలి ముందు నుంచి వెనక్కి పోవాలి. తిరగేసి పెట్టిన ఫ్యాన్ లేని ఫ్యాన్‌కంటే చెడ్డది.

7. మూత పెట్టి, వేగాలు మళ్లీ చూడండి. కాసేపట్లో అన్నీ దగ్గర దగ్గరగా రావాలి. తర్వాత అరగంట సర్వర్‌కు బాగా పని చెప్పి డిస్కుల, కార్డుల టెంపరేచర్ చూడండి.

అన్ని సర్వర్లూ ఇంత సులువు కాదు. చాలా 1యూ మెషిన్లను ఆపే మార్చాలి. హెచ్‌పీ ప్రోలయంట్‌లలో సరిపడా ఫ్యాన్లు లేకపోతే మెషిన్ ఆన్ కూడా కాదు.

దుమ్ము దులిపేటప్పుడు ఒక మాట. బ్లోయర్ కొడుతూ రెక్కలు గిర్రున తిరుగుతుంటే పిల్లలకు సరదా గానీ, బేరింగుకు చేటు. వేలితో రెక్కను పట్టుకుని అప్పుడు కొట్టండి.

మోత భరించలేకపోతే?

మనుషులు కూర్చునే చోట సర్వర్ పెట్టకపోవడమే అసలు మందు. అలాగని గాలి ఆడని అల్మారాలో పెట్టి తాళం వేయకండి. ఆర్720కు కంపెనీ చెప్పిన మామూలు హద్దు 10 నుంచి 35 డిగ్రీలు. మన దగ్గర మేలో బయటే 40 దాటుతుంది. చిన్న గదైనా ఏసీ గానీ, వేడి గాలి బయటికి పోయే ఏర్పాటు గానీ ఉండాలి. ఏసీ ఆగితే ఫోన్‌కు మెసేజ్ వచ్చేలా సర్వర్‌లోనే అలర్ట్ పెట్టుకోవచ్చు.

గది చల్లబడితే అసలు ఫ్యాన్లే వాటంతట అవి నెమ్మదిస్తాయి. వేగం సగానికి తగ్గితే మోత దాదాపు 15 డెసిబెల్స్ పడిపోతుంది, చెవికి చాలా తేడా తెలుస్తుంది. పైగా వేడి పెరిగిన రోజు ఆ ఫ్యాన్లకు మళ్లీ పుంజుకునే సత్తా ఉంటుంది. సైలెంట్ ఫ్యాన్‌కు ఆ సత్తా లేదు. ఇంట్లో నేర్చుకోవడానికే అయితే 1యూ జోలికి పోకుండా, పెద్ద ఫ్యాన్లుండే టవర్ సర్వర్ కొనుక్కోండి.

మలక్‌పేట ల్యాబ్‌లో ఆరు ఫ్యాన్లూ పాత పార్ట్ నంబర్‌వే తెప్పించి వేశాం. సర్వర్‌ను మెట్ల పక్క గదిలోకి మార్చి గోడకు ఎగ్జాస్ట్ పెట్టించారు. బ్యాకప్ ఇప్పుడు రోజూ రాత్రి అవుతోంది. మొన్న కలిసినప్పుడు మోత ఎలా ఉందని అడిగాను. "పొద్దున షట్టర్ తీయగానే ఆ గది దగ్గర చెవి పెట్టి వింటున్నా భాయ్, వినిపిస్తేనే కౌంటర్‌లో కూర్చుంటున్నా" అన్నారాయన.