చూపించకుండానే రుజువు చేయొచ్చు
'పొలం రికార్డు బ్లాక్‌చెయిన్‌లో పెడితే ఎవరూ దిద్దలేరంటున్నారు, మంచిదే. మరి నా అప్పు సంగతి ఊరంతా చూస్తుందా?' అని గిద్దలూరు పాఠకుడొకరు అడిగారు. భూరికార్డులకు బ్లాక్‌చెయిన్ వాడే ప్రయోగాన్ని 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొదలుపెట్టిన నాటి నుంచీ అడగాల్సిన ప్రశ్న ఇది.

బ్లాక్‌చెయిన్‌లో ఒకే రికార్డు అనేక కంప్యూటర్లలో ఉంటుంది, పాత నమోదును మారిస్తే దొరికిపోతుంది. బ్లాక్‌చెయిన్‌పైనే నడిచే బిట్‌కాయిన్‌లో పేర్లుండవు గానీ మొత్తాలు బహిరంగమే. ఏ చిరునామా ఎవరిదో తెలిసిందా, వారి పాత లావాదేవీలన్నీ బయటపడ్డట్టే.

దీనికి విరుగుడు 1985లోనే దొరికింది. షఫీ గోల్డ్‌వాసర్, సిల్వియో మికాలీ, చార్లెస్ రాకాఫ్ ప్రతిపాదించిన జీరో నాలెడ్జ్ ప్రూఫ్ అది, అంటే రహస్యం చూపించకుండానే మాట నిజమని రుజువు చేసే పద్ధతి. ఎంత అందమైన ఆలోచనో చూడండి! రెండు మార్కాపురం పలకలు తీసుకోండి. ఒకదానిపై ఎర్ర గీత, రెండోదానిపై పచ్చ గీత. ఆ రంగుల తేడా తెలియని మిత్రుడి చేతికివ్వండి. అతను వాటిని వెనక్కి దాచి, మార్చో మార్చకుండానో మళ్లీ చూపిస్తాడు. మార్చాడో లేదో మీరు చెప్పాలి. ఇలా 20 సార్లు ఆడాలి. ఊహించి చెప్పేవాడు 20 సార్లూ నెగ్గే అవకాశం 10,48,576లో ఒక్కటే. మీరు నెగ్గితే పలకలు వేరని అతను నమ్మక తప్పదు. ఏది ఎరుపో మాత్రం అతనికి ఇప్పటికీ తెలియదు!

2016లో వచ్చిన జీక్యాష్ అనే క్రిప్టోకరెన్సీ ఈ సూత్రాన్నే డబ్బుకు అన్వయించింది. పంపేవారి దగ్గర సొమ్ముందనీ, దాన్ని ముందే ఖర్చుచేయలేదనీ రుజువవుతుంది. పేరూ మొత్తమూ బయటికి రావు. అయినా అందులో బహిరంగ చిరునామాలూ ఉండటంతో తొలి ఏళ్లలో ఎక్కువమంది వాటినే వాడారు. దాంతో 'జనానికి గోప్యత అక్కర్లేదు' అని తేల్చేసినవారున్నారు. అది పొరపాటు. అప్పట్లో ఒక్క రుజువు తయారీకి అర నిమిషానికి పైగా సమయం, 3 జీబీకి పైగా మెమరీ పట్టేవి. 2018 అక్టోబరులో వచ్చిన మార్పుతో అది కొన్ని సెకన్లకు, సుమారు 40 ఎంబీకి దిగింది. జనం వెనకాడింది గోప్యతకు కాదు, ఆ భారానికి కావచ్చు.

రైతుకు పారదర్శకత, గోప్యత రెండూ కావాలి. భూహక్కుల రికార్డైన 1బిలో పేరు ఎవరు, ఎప్పుడు మార్చారో అందరికీ కనబడాలి. అప్పెంతో కనబడకూడదు. ఆ పొలంపై మరెక్కడా తాకట్టు లేదన్న రుజువొక్కటే బ్యాంకుకు చేరితే చాలు.

ఇంత గణితమూ తహసీల్దారు కార్యాలయంలో మొదటే తప్పుగా ఎక్కిన సర్వే నంబరును సరిచేయలేదు. ముందు కొలతలు సరిగ్గా తీయండి, బ్లాక్‌చెయిన్ సంగతి తరవాత!