గింజ గుట్టు

శ్రీ సత్యసాయి జిల్లాలో కదిరికి దగ్గర్లో ఉన్న తిమ్మమ్మ మర్రిమాను దాదాపు అయిదు ఎకరాల మేర నీడ పరిచింది. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. అంతటి మానులను కనే మర్రి గింజ ఆవగింజ కంటే చిన్నది. పండిన మర్రిపండు చితిపితే గింజలు లెక్కకు అందనన్ని వేలికి అంటుకుంటాయి. వాటిని కుండీలో అంగుళం లోతున పాతిపెడితే పైకి రావడం కల్ల. అదే గింజ పిట్ట కడుపులోంచి గోడ పగుల్లో పడితే ఎవరూ నీళ్లు పోయకపోయినా మొలుస్తుంది. ఇటుక పొడి మీద చల్లి, పైన మట్టి కప్పకుండా, తేమ ఆరకుండా చూసుకుంటే మన కుండీలోనూ మొలుస్తుంది.

పెరట్లో విత్తనాలు వేసి విసిగినవాళ్లు సాధారణంగా అనే మాట: "గింజలు మంచివి కావు". చాలాసార్లు గింజ తప్పేమీ ఉండదు. ఒక్కో గింజది ఒక్కో స్వభావం. ఒకటి రాలిన వారంలోనే మట్టిలో పడాలంటుంది. ఒకటి పెంకుకు గాటు పడితేగాని నీళ్లు తాగదు. ఇంకొకటి పక్కన తోడు లేనిదే బతకదు. ఆ స్వభావాలు తెలుసుకుంటే చాలు, సగం పని అయినట్టే.

దాచుకోకూడని గింజలు

ధాన్యం, పప్పుల గింజల్ని ఎండబెట్టి దాచడం మనకు తరతరాలుగా అలవాటు. అదే పద్ధతి మామిడి టెంకకూ, పనస గింజకూ, నేరేడు గింజకూ చేస్తే అవి చచ్చిపోతాయి. ఎండితే ఎక్కువకాలం బతికే గింజలు కొన్ని, ఎండితే ప్రాణం పోయే గింజలు కొన్ని. ఈ రెండు రకాల తేడాను 1973లో రాబర్ట్స్ అనే విత్తన శాస్త్రవేత్త స్పష్టంగా విడదీసి చెప్పాడు. నేరేడు గింజకు రాలాక ఉండే గడువు రెండు వారాలే అనుకోవాలి. వేప గింజ కూడా కొద్ది వారాలకే నీరసించిపోతుంది. జూన్, జులైలలో చెట్టు కింద రాలిన వేపపండ్లు ఏరి, గుజ్జు కడిగేసి, ఒకటి రెండు రోజులు నీడన ఆరబెట్టి వెంటనే వేస్తే బోలెడు మొలకలు. సంక్రాంతిదాకా డబ్బాలో దాచి వేస్తే ఒక్కటీ రాకపోవచ్చు. కరివేపాకు నల్లపండ్లదీ ఇదే తీరు: గుజ్జు తీసేయాలి, తాజాగా వేయాలి.

మామిడికి ఇంకో కిటుకు ఉంది. టెంకను జాగ్రత్తగా చీల్చి లోపలి జీడిని బయటికి తీసి నాటితే, టెంకతో పాతినదానికంటే త్వరగా మొలుస్తుంది. పురుగు తొలిచిందో లేదో కూడా అప్పుడే తెలిసిపోతుంది.

ఒక గింజ, మూడు మొలకలు

నిమ్మగింజ వేసినప్పుడు ఒకే చోట రెండు మూడు మొలకలు రావడం మీరు చూసే ఉంటారు. పొరపాటున రెండు గింజలు పడ్డాయేమో అనుకుంటాం. కాదు, ఒక్క గింజలోనే ఒకటికి మించి పిండాలు ఉంటాయి. సూక్ష్మదర్శినితో ప్రపంచాన్ని ఆశ్చర్యపరచిన డచ్చి శాస్త్రవేత్త లీవెన్‌హుక్ 1719లోనే నారింజ గింజలో ఈ సంగతి గమనించాడు. ఆ పిండాల్లో ఒకటి మాత్రమే పుప్పొడి కలిసి పుట్టింది. తక్కినవి తల్లి కణాల నుంచే ఏర్పడతాయి కాబట్టి అచ్చం తల్లి చెట్టులాగే ఎదుగుతాయి. అందుకే కాగ్జీ నిమ్మను గింజ వేసి పెంచినా కాయ తీరు పెద్దగా మారదు. మొలకల్లో ఏపుగా, ఒకే తీరుగా ఉన్నవాటిని ఉంచుకుని, తేడాగా, బక్కగా ఉన్నదాన్ని తీసేయడం నారు పెంచేవాళ్ల పద్ధతి.

మామిడి దగ్గరికి వస్తే లెక్క తిరగబడుతుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన మన బంగినపల్లి జీడిలో ఉండేది ఒకే పిండం. అది తల్లీతండ్రుల కలయిక. కాబట్టి బంగినపల్లి టెంక నాటితే వచ్చేది బంగినపల్లి కాదు, అంతకుముందు ఈ భూమ్మీద లేని కొత్త మామిడి. పులుపు రావచ్చు, పీచు రావచ్చు, అరుదుగా అద్భుతం రావచ్చు. పడమటి తీరపు ఓలూరు, వెల్లైకొలంబన్ లాంటి రకాల్లో మాత్రం నిమ్మలాగే ఒక టెంకలో చాలా పిండాలుంటాయి. అంటు కట్టడానికి ఒకే తీరు మొక్కలు కావాలన్నప్పుడు వాటిని వాడేది ఇందుకే. పెరట్లో చోటు ఒక్క చెట్టుకే ఉందనుకుంటే, రుచి ఖాయంగా కావాలనుకుంటే, అంటు మొక్కే తెచ్చుకోవాలి. చోటూ ఓపికా ఉన్నవాళ్లు ఒక్క టెంకైనా నాటాలని నా కోరిక. మనం పేరు పెట్టి పిలుచుకునే పాత మామిళ్లలో చాలావాటి మొదటి చెట్టు ఇలా గింజ నుంచి మొలిచిందే.

చంద్రకాంత చెప్పిన పాఠం

సాయంత్రం పూట విచ్చుకునే చంద్రకాంత మొక్కను పెరటి మూల పెంచని ఊరుండదు. నల్లగా, ముడతలతో మిరియం కన్నా కాస్త పెద్దగా ఉండే దాని గింజ పిల్లలు వేసినా మొలుస్తుంది. ఈ మొక్క జన్యుశాస్త్రంలో పెద్ద పేరు తెచ్చుకుంది. మెండెల్ సూత్రాలను 1900లో మళ్లీ వెలికితీసిన ముగ్గురిలో ఒకరైన జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ కోరెన్స్, ఎరుపు చంద్రకాంతనూ తెలుపు చంద్రకాంతనూ కలిపి గులాబీ రంగు పూలు రావడం చూపించాడు. అంతకంటే గొప్ప సంగతి 1909లో బయటపెట్టాడు. ఆకుల మీద తెలుపు, ఆకుపచ్చ మచ్చలున్న మొక్కలో, పచ్చటి కొమ్మకు కాసిన గింజ పచ్చటి మొక్కనే ఇచ్చింది, తెల్లటి కొమ్మ గింజ తెల్లటి మొలకనే ఇచ్చింది. పుప్పొడి ఏ కొమ్మ నుంచి తెచ్చి రుద్దినా ఫలితం మారలేదు. ఆకుపచ్చదనాన్నిచ్చే పత్రహరిత రేణువులు ఈ మొక్కలో తల్లి వైపు నుంచే వస్తాయి. పూల రంగు ఇద్దరి నుంచీ, ఆకు రంగు తల్లి నుంచి మాత్రమే! తెల్లటి మొలక తిండి తయారుచేసుకోలేక కొద్ది రోజుల్లో చచ్చిపోతుంది. మచ్చల ఆకుల చంద్రకాంత దొరికితే కొమ్మలవారీగా గింజలు వేరుచేసి వేసి చూడండి. బడిపిల్లలకు ఇంతకంటే మంచి ప్రయోగం నాకు తెలియదు.

గాటు పెడితేనే తాగేవి

రేల, తురాయి, తంగేడు, జమ్మి, శంఖుపుష్పం: వీటి గింజల పెంకు నీటిని లోపలికి రానివ్వదు. అడవిలో మంట సెగ, ఎండావానల పోటు, పశువుల కడుపులోని ఆమ్లం ఆ పెంకును పలచబరుస్తాయి. ఇంట్లో ఆ పని మనం చేయాలి. గరుకు కాగితంతో ఒక పక్క గీరవచ్చు, గోళ్ల కత్తెరతో చిన్న గాటు పెట్టవచ్చు. మొలక వచ్చే బొడ్డు వైపు మాత్రం ముట్టుకోకూడదు. గింజలు ఎక్కువుంటే నీళ్లు మరిగించి, పొయ్యి మీంచి దించి, అందులో గింజలు వేసి రాత్రంతా వదిలేయాలి. గింజలను పొయ్యి మీద ఉడికించకూడదు. పొద్దుటికి ఉబ్బినవి వెంటనే నాటాలి, ఉబ్బనివాటికి మళ్లీ గాటు పెట్టాలి. తెలంగాణ రాష్ట్ర పుష్పం తంగేడు, రాష్ట్ర వృక్షం జమ్మి. రెండూ ఇంతే సులువుగా చేతికొస్తాయి, అయినా ఇళ్లలో వేసేవాళ్లు తక్కువ. మడగాస్కర్ నుంచి వచ్చిన తురాయి రోడ్ల పక్కన అంత కనిపిస్తుంటే, బతుకమ్మ మీద పేర్చే తంగేడు కోసం పొలిమేరలు వెతకాల్సి రావడం నాకు బాధ కలిగిస్తుంది.

గట్టి పెంకులన్నిటిలోకీ మొండిది తామర గింజ. ఈశాన్య చైనాలో ఎండిపోయిన చెరువు మట్టిలో దొరికిన తామర గింజల్లో ఒకటి దాదాపు 1,300 ఏళ్ల వయసులో మొలిచింది. మొలిపించింది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన జేన్ షెన్ మిల్లర్. ఇజ్రాయెల్‌లోని మసాదా కోటలో దొరికిన దాదాపు రెండు వేల ఏళ్ల నాటి ఖర్జూర గింజ 2005లో మొలిచి ఇప్పుడు చెట్టయింది. ఇంట్లో తామర కావాలంటే గింజ ఒక చివర లోపలి తెలుపు కనిపించేదాకా అరగదీసి గ్లాసు నీళ్లలో వేసి, నీళ్లు రోజూ మారిస్తే చాలు, వారం పది రోజుల్లో పచ్చటి మొలక కనిపిస్తుంది.

తేగ అంటే మొలకే

పైకి రావాల్సిన మొలక కిందికి దిగితే? తాటి టెంక చేసే పని అదే. పాతరలో పేర్చిన టెంక నుంచి మొలక నేలలోకి దూరి, అక్కడ పిండిపదార్థం నింపుకుని ఊరుతుంది. చలికాలంలో కాల్చుకునో, ఉడకబెట్టుకునో తినే తేగ అదే. కాబోయే చెట్టు మొగ్గ ఆ తేగ లోపల భద్రంగా ఉంటుంది. పైన మంట రేగినా, ఎండలు మండినా, పశువులు తొక్కినా దానికి దెబ్బ తగలదు. టెంక పగలగొడితే దొరికే తియ్యటి బుర్రగుంజుకూ పనుంది. రాయిలాంటి లోపలి కండను కరిగించి తిండిగా మార్చి మొలకకు అందించేది అదే. తవ్వకుండా వదిలేస్తే చాలా నెలలకు మొదటి ఆకు పైకి వస్తుంది. ఇంత లోతున మొగ్గ ఉంటుంది కాబట్టి తాటిని ఒకచోట మొలిపించి ఇంకోచోటికి మార్చడం కష్టం, నాటదలచిన చోటే టెంక పాతాలి. అది పోతుతాడో పెంటితాడో తెలియాలంటే పూత వచ్చేదాకా ఏళ్లకేళ్లు ఆగాల్సిందే.

తోడు కావాల్సిన గంధం

శ్రీగంధం తన వేళ్లతో పక్క మొక్క వేళ్లను పట్టుకుని కొంత తిండి లాక్కుంటుంది. ఒంటరిగా కుండీలో పెడితే పాలిపోయి నిలిచిపోతుంది. నర్సరీల్లో గంధం మొక్క పక్కనే పొన్నగంటి కూరో, కంది మొక్కో పెంచేది ఇందుకే. గింజకు రెండు నెలల నిద్ర కూడా ఉంటుంది. శేషాచలం కొండల ఎర్రచందనానికి తోడు అక్కర్లేదు కానీ మొలక శాతం తక్కువ. గట్టి కాయలను కొన్ని రోజులు నీటిలోనో, పేడ నీళ్లలోనో నానబెట్టి వేయాలి. పెంచుకోవడానికి అడ్డు లేదు, కొట్టడానికీ తరలించడానికీ అటవీశాఖ అనుమతి ఉండాలి.

చీకటి, వెలుతురు, టపటప

బిళ్లగన్నేరు గింజకు మొలవడానికి చీకటి కావాలి, కాబట్టి పైన మట్టి కప్పాలి. పెటూనియా గింజకు వెలుతురు కావాలి, కాబట్టి కొబ్బరిపొట్టు మీద చల్లి వేలితో ఒత్తి వదిలేయాలి. తక్కిన చాలా గింజలకు వాటి మందానికి రెండు మూడు రెట్ల లోతు సరిపోతుంది.

కనకాంబరం ఎండుకాయ తడి తగిలితే టప్పున పగిలి గింజల్ని దూరంగా విసురుతుంది. వాన పడకముందే కోసి, కాగితపు సంచిలో వేస్తే గింజలు దక్కుతాయి. ఢిల్లీ కనకాంబరానికి మాత్రం గింజల కోసం చూడకండి. అందులో క్రోమోజోములు మూడు సెట్లుగా ఉండటంతో గింజ కట్టదు, కొమ్మ నాటాల్సిందే.

అడీనియంది ఇందుకు వ్యతిరేకం. బోద దగ్గర ఆ అందమైన లావు కావాలంటే గింజ మొక్కే మేలు. కొమ్మ నాటితే పూలు వస్తాయి, బోద అంతగా ఊరదు.

సీసాలో 142 ఏళ్లు

అమెరికాలోని మిషిగన్‌లో విలియం బీల్ అనే ఆచార్యుడు 1879లో ఇరవై సీసాల్లో కలుపు మొక్కల గింజలను ఇసుకతో కలిపి పాతిపెట్టాడు. 2021లో తీసిన సీసాలో కొన్ని గింజలు ఇంకా మొలిచాయి. ఆఖరి సీసా తీసేది 2100లో. అంతకాలం మనకు అక్కర్లేదు కానీ, గింజ దాచడంలో ఒక మంచి లెక్క ఉంది. ఎండి బతికే గింజల్లో తేమ ఒక శాతం తగ్గితే ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. దాచే చోట వేడి అయిదు డిగ్రీలు తగ్గితే మరో రెట్టింపు. అంటే బాగా ఆరిన బంతి, గునుగు, శంఖుపుష్పం గింజలను మూత బిగుతైన సీసాలో ఫ్రిజ్‌లో పెడితే వచ్చే ఏడాదికి ఢోకా లేదు. సీసా మీద పేరూ, నెలా, ఏడాదీ రాయడం మరవకండి.

మొలిచాక ఎక్కువ మొలకలను చంపేది నీళ్ల కరువు కాదు, నీళ్ల అతి. మొదలు మెత్తబడి మొలక పక్కకు ఒరిగిపోతే అది నారుకుళ్లు తెగులు. నీరు నిలవని మట్టి, గాలి ఆడే చోటు, పొద్దున్నే తడపడం, ఒత్తుగా చల్లకపోవడం దానికి మందు.

ఇంకో జాగ్రత్త తప్పనిసరి. పచ్చగన్నేరు, గురివింద, ఉమ్మెత్త గింజలు ప్రాణం తీసేంత విషం. పసిపిల్లలున్న ఇంట్లో వీటిని అందేచోట ఉంచకూడదు.

ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన వనజీవి రామయ్య జేబు నిండా గింజలతో సైకిల్ తొక్కుతూ దారి పొడుగునా మొలిపించాడు. 2017లో పద్మశ్రీ అందుకున్నాడు, 2025 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. ఆయనకు పెద్ద తోట లేదు, ప్రయోగశాల లేదు. ఏ గింజ ఎప్పుడు రాలుతుందో తెలుసు, రాలిన వెంటనే మట్టిలో వేయడం తెలుసు. ఈసారి నేరేడుపండ్లు తిన్న రోజునే ఒక పది గింజలు కడిగి, పాత పాల సంచుల్లో మట్టి నింపి, అడుగున బెజ్జాలు పెట్టి నాటండి. మొలిచినవాటిలో ఒకటి మీరుంచుకుని తక్కినవి చోటున్నవాళ్లకు ఇవ్వండి.