పెట్టెలేని కంప్యూటరు ప్రయాణం

జూబిలీహిల్స్ స్టూడియోలో ఎప్పుడైనా సినిమా సెట్టు చూచారా? ఎదటినుంచి చూస్తే రాజుగారి కోట. వెనక్కు వెళితే కర్రలూ, ప్లైవుడ్డూ! అయినా తెరమీద అది కోటే.

కంప్యూటర్లలోనూ ఇట్లాంటి మాయ ఒకటి ఉన్నది. దాన్ని వర్చువల్ మెషీన్ అంటారు. దానికి పెట్టె లేదు, తీగలు లేవు. నిజమైన కంప్యూటరు ఒకటి తన శక్తిలో కొంత కేటాయించి దాన్ని ఆడిస్తుంది. ఈ విద్య కొత్తదేమీ కాదు, ఐ.బి.ఎం. వారు 1960లలోనే సాధించారు. ఈ మాయాయంత్రపు డిస్కు కూడా ఒక పెద్ద ఫైలే. దాని పేరు డిస్క్ ఇమేజి. ప్రోగ్రాములూ, అమరికలూ అన్నీ అందులోనే ఉంటాయి.

ఫిల్మ్‌నగర్‌లో ఒక గ్రాఫిక్స్ ఆఫీసు ఉన్నదనుకోండి. సినిమా విడుదల దగ్గరపడింది, ఉన్న కంప్యూటర్లు చాలటం లేదు. అప్పుడు తమ యంత్రాన్ని క్లౌడుకు పంపుతారు. క్లౌడంటే మబ్బు కాదు సుమా! అదీ నేలమీది కంప్యూటర్ల కొట్టమే. అమెజాన్ వారు 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతంలోనే అటువంటివి ప్రారంభించారు.

ముందుగా యంత్రాన్ని ఆపాలి. నడుస్తూండగా నకలు తీస్తే సగం రాసిన ఫైళ్ళు సగంగానే మిగులుతాయి. తరవాత ఇమేజిని పంపాలి. అది 100 గిగాబైట్లు, లైను సెకనుకు 100 మెగాబిట్లు అయితే ఎంతసేపు పడుతుంది? బైటుకు 8 బిట్లు గనక మొత్తం 8,00,000 మెగాబిట్లు. అంటే 8,000 సెకన్లు, దాదాపు రెండుంబావు గంటలు! అక్కడ క్లౌడువారి ప్రోగ్రాము దాన్ని పరీక్షించి, తమ యంత్రాలకు సరిపడేలా మారుస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. కొత్తచోట మీ యంత్రానికి ఎదురుగా తెర ఉండదు, కీబోర్డు ఉండదు. దూరంనుంచి లోపలికి వెళ్ళే దారి, అంటే లినక్సుకు ఎస్.ఎస్.హెచ్., విండోసుకు రిమోట్ డెస్క్‌టాప్, ముందే తెరిచి పంపాలి. ఫైర్‌వాల్ కూడా దానికి అడ్డుపడకూడదు. నెట్‌వర్కు చిరునామా సంగతీ అంతే. పాత ఇంటి నంబరే పట్టుకు కూర్చోకుండా, కొత్తచోట ఇచ్చింది తీసుకొనేలా అమర్చాలి. ఇవి మరిచారా, యంత్రం లోపల చక్కగా నడుస్తూనే ఉంటుంది, మీకు మట్టుకు తలుపు తెరుచుకోదు! దిద్దుకొని మళ్ళీ పంపవలసిందే. విడుదల వారంలో ఆ రెండుంబావు గంటలు ఎంత విలువైనవో నిర్మాతను అడగండి.

అన్నీ సరిగా ఉంటే ఆ ఒక్క ఇమేజినుంచే పది కంప్యూటర్లను లేపి, రాత్రంతా బొమ్మలు తయారుచేయించవచ్చు. పని కాగానే ఆపెయ్యాలి; లేకపోతే అద్దె లైట్లకు లాగా కిరాయి పెరుగుతూనే ఉంటుంది.