వీడియో ఆటలో లోలకం

దారానికి కట్టిన రాయిని గిరగిర తిప్పి, దారం వదలివేస్తే రాయి వృత్తాన్ని విడిచి స్పర్శరేఖ వెంట దూసుకుపోతుందని ఉన్నత పాఠశాల తరగతులలో చెబుతారు. ఆ రాయికి బదులు ఒక సైనికుడు, దారానికి బదులు అతని నడుముకు తగిలించిన ఉక్కుతీగ ఉన్నాయనుకోండి. తీగ కొన ఒక గోపురానికి గుచ్చుకొన్నది. సైనికుడు ఊగుతాడు. ఊపు బలిసిన క్షణాన తీగను విడిపించుకొని ఎగురుతాడు. గాలిలో ఉండగానే రెండవ తీగను మరొక మేడకు విసురుతాడు. ఇట్లా మేడనుంచి మేడకు పోయి, 15 మీటర్ల రాక్షసుని వెనుకకు చేరి, మెడను కత్తితో నరుకుతాడు. ఇదంతా జరిగేది ఒక తెరమీద. జరిపించేది మీటలున్న పరికరాన్ని రెండు చేతులతో పట్టుకొని కూర్చున్న బాలుడు.

ఈ కథను హజిమే ఇసయామా అనే జపాను చిత్రకారుడు 2009 నుంచి 2021 వరకు ఒక మాసపత్రికలో బొమ్మల కథగా గీశాడు. దాని పేరు 'షింగెకి నో క్యోజిన్'. ఇతర దేశాలలో 'అటాక్ ఆన్ టైటన్' అంటారు. 2013లో అది యానిమే రూపం దాల్చింది. జపానులో తయారయ్యే కదిలే బొమ్మల చిత్రాలకు యానిమే అని పేరు. 2016 ఫిబ్రవరిలో కోయ్ టెక్మో సంస్థకు చెందిన ఒమేగా ఫోర్స్ అనే బృందం దానిని వీడియో ఆటగా మలచింది. కత్తి చేతబట్టి ఎదురైనవారిని నరుకుతూ ముందుకు సాగే ఇట్టి ఆటలను 'హ్యాక్ అండ్ స్లాష్' ఆటలంటారు. ఈ బృందానికి ఆ విద్య కొత్త కాదు. చైనా దేశపు మూడు రాజ్యాల కాలంనాటి వీరుడొకడు వందలాది భటులను ఒంటరిగా చెండాడే ఆటను వారు 2000లోనే తయారుచేశారు. అయితే అందులో వీరుడు నేలమీద నడుస్తాడు. ఇక్కడ తీగకు వేలాడుతాడు. భేదమంతా అక్కడే ఉన్నది.

ఆడే పద్ధతి ఇది. ఒక మీట నొక్కితే తీగలు దూసుకుపోయి మేడలకో చెట్లకో గుచ్చుకొంటాయి. బయలు ప్రదేశంలో అవి పట్టుకొనడానికి ఏమీ ఉండదు గనుక గుర్రం ఎక్కవలసిందే. రాక్షసుని సమీపించి గురి మీట నొక్కగానే అతని మెడ, చేతులు, కాళ్లమీద గుర్తులు కనబడతాయి. వాటిలో ఒకదానిని ఎంచుకొని తీగ విసిరి, దానిని చుట్టుకొనే యంత్రంతో తన్ను తాను లాగుకొంటూ, సరిగ్గా దగ్గరపడే క్షణంలో కత్తి మీట నొక్కాలి. కాళ్లు తెగితే రాక్షసుడు కూలబడతాడు గాని చావడు. ప్రాణం మెడ వెనుక ఉన్నది. వేగం ఎంత ఎక్కువైతే దెబ్బ అంత బలంగా తగులుతుంది. కత్తి అంచు మొద్దుబారుతుంది, తీగను లాగే వాయువు కరిగిపోతుంది, వాటిని మళ్లీ తెచ్చుకొనాలి. కంటికి ఇంతే కనబడుతుంది. కాని యంత్రంలో తీగ లేదు, గోపురం లేదు, సైనికుని బరువు లేదు. ఉన్నవి అంకెలు మాత్రమే. అంకెలు ఊగడం ఎట్లా?

సినిమాలో సెకండుకు 24 బొమ్మలు చూపి, కదలిక ఉన్నట్లు కంటిని నమ్మిస్తారు. వీడియో ఆటలో సాధారణంగా సెకండుకు 30 గాని, 60 గాని బొమ్మలు ఉంటాయి. సినిమా బొమ్మలు ముందే గీసినవి. ఆటలో బాలుడు ఏ మీట నొక్కుతాడో ముందు తెలియదు గనుక ప్రతి బొమ్మను అప్పటికప్పుడు లెక్కకట్టి గీయాలి. సెకండులో 60వ వంతు అంటే సుమారు 16.7 మిల్లీసెకండ్లు. ఆ వ్యవధిలోనే సైనికుడు ఎక్కడున్నాడో, రాక్షసుని చేయి ఎక్కడున్నదో, కత్తి తగిలిందో లేదో తేల్చి, ఊరినంతటినీ చిత్రించి తెరకు పంపాలి. లెక్క ఆలస్యమైతే బొమ్మ తడబడుతుంది. మీట నొక్కిన వేలికీ, కదిలిన కత్తికీ పొంతన తప్పుతుంది. ఆడేవాడు వెంటనే పసిగట్టే దోషం ఇది.

కాలాన్ని ఇట్లా ముక్కలు చేసి చలనాన్ని లెక్కించే ఉపాయం కంప్యూటర్లకంటె చాలా పాతది. స్విట్జర్లండులో పుట్టిన గణితశాస్త్రజ్ఞుడు లియొనార్డ్ ఆయిలర్ దానిని 1768లో ప్రకటించాడు. ఉపాయం సులభమైనదే. ఈ క్షణంలో వస్తువు ఎక్కడ ఉన్నది, ఎంత వేగంతో పోతున్నది తెలిస్తే, కొద్దికాలం అదే వేగంతో తిన్నగా పోయిందనుకొని తరువాతి స్థానం కనుగొనాలి. త్వరణం ఎంతో చూసి వేగాన్ని సవరించాలి. మళ్లీ అదే పని. అంగ తర్వాత అంగ వేసుకుంటూ పోవడమే.

చిక్కంతా 'తిన్నగా' అనే మాటలో ఉన్నది. లోలకం వృత్తంమీద పోవాలి, లెక్క స్పర్శరేఖమీద పోతుంది. 20 మీటర్ల తీగకు వేలాడుతూ సెకండుకు 20 మీటర్ల వేగంతో పోయేవాడు సెకండులో 60వ వంతు కాలంలో 33 సెంటీమీటర్లు కదులుతాడు. పైథాగరస్ సిద్ధాంతం ప్రయోగిస్తే, ఆ అంగ చివర అతడు కేంద్రంనుంచి 20 మీటర్లకంటె సుమారు 3 మిల్లీమీటర్లు ఎక్కువ దూరంలో ఉంటాడని తేలుతుంది. అల్పమే. కాని 60 అంగలు వేసేసరికి, అంటే ఒక్క సెకండులో, ఉక్కుతీగ 17 సెంటీమీటర్లు సాగిపోతుంది. అంగ సెకండులో పదవవంతు చేస్తే సాగుదల మీటరుకు దగ్గర పడుతుంది. అందుచేత ఇట్టి ఆటలను రచించేవారు ప్రతి అంగ తరువాత సైనికుని పట్టి, తీగ పొడవు దాటకుండా వెనుకకు లాగి నిలబెడతారు. యంత్రంలోని ఉక్కుతీగకు ఉన్న బిగువంతా ఈ సవరణే.

ఇంకొక దోషం ఇంతకంటె విచిత్రమైనది. దీనిని తరగతిలో కాగితంమీద చేసి చూడవచ్చు. త్వరణం స్థానభ్రంశానికి సమానంగా, వ్యతిరేక దిశలో ఉండే సరళ హరాత్మక చలనాన్ని తీసుకోండి. మొదటి స్థానం 1, మొదటి వేగం 0, అంగ 0.1 అనుకోండి. పాత వేగంతో స్థానాన్నీ, పాత స్థానంతో వేగాన్నీ మార్చుకుంటూ పోతే స్థానవర్గం, వేగవర్గం కలిపిన మొత్తం ప్రతి అంగకు 1.01 రెట్లవుతుంది. ఈ మొత్తం శక్తికి గుర్తు. నూరు అంగలకు శక్తి 2.7 రెట్లు అయి కూర్చుంటుంది! ఎవరూ తోయని ఊయల దానంతటదే ఎత్తుకు ఎత్తుకు పోతుందన్నమాట. శక్తి నిత్యత్వ నియమానికి ఇంతకంటె అపచారం లేదు. మందు మాత్రం చిన్నది. ముందు వేగాన్ని సవరించి, ఆ కొత్త వేగంతోనే స్థానాన్ని జరపాలి. వరుస మార్చినంతమాత్రాన శక్తి 1 చుట్టూ కొద్దిగా హెచ్చుతగ్గులకు లోనవుతూ కట్టుబడి ఉంటుంది. రెండు వరుసలనూ ఇద్దరు విద్యార్థులచేత ఇరవయ్యేసి అంగలు వేయించి, గ్రాఫు కాగితంమీద గీయిస్తే భేదం కళ్లకు కడుతుంది.

ఇక కత్తి సంగతి. కథలో రాక్షసుని మెడ వెనుక నరకవలసిన చోటు పొడవు ఒక మీటరు, వెడల్పు 10 సెంటీమీటర్లు. కత్తి అడ్డంగా సెకండుకు 20 మీటర్ల వేగంతో వస్తుంటే ఒక్కొక్క అంగకు 33 సెంటీమీటర్లు దాటుతుంది. సెకండుకు 30 అంగలే వేసే యంత్రమైతే 67 సెంటీమీటర్లు. ఒక అంగలో కత్తి మెడకు ఇవతల ఉన్నది, మరు అంగలో మెడకు అవతల ఉన్నది. మధ్యలో ఏమి జరిగిందో యంత్రం చూడలేదు. తగలలేదని తీర్పు చెబుతుంది. ఆడేవాని కన్ను మాత్రం కత్తి మెడలోంచి పోవడం చూసింది! వేగం పెరిగినకొద్దీ దెబ్బ బలపడవలసిన ఆటలో, వేగం పెరిగినకొద్దీ దెబ్బ తప్పిపోతే అది ఆడేవానికి ద్రోహం చేయడమే.

దీనికి నివారణ, కత్తి ఉన్న చోటును గాక కత్తి తుడుచుకుపోయిన చోటునంతటినీ పరీక్షించడం. పాత స్థానంనుంచి కొత్త స్థానానికి ఒక గీత గీసి, దానికి కొంత మందం ఇస్తారు. అది మందులషాపులో దొరికే క్యాప్సూలు ఆకారంలో ఉంటుంది. మెడ చుట్టూ అట్టి క్యాప్సూలే మరొకటి ఉంటుంది. రెండు నడిమి గీతలకూ గల కనిష్ఠ దూరం వాటి వ్యాసార్ధాల మొత్తంకంటె తక్కువైతే కత్తి తగిలినట్లే. రాక్షసుని చర్మం, కండరాలు తెరమీద ఎంత ఒంపుసొంపులతో కనబడినా తీర్పు చెప్పేవి ఇట్టి నున్నని గొట్టాలే. వాటికి లెక్క తక్కువ. ఇటువంటి ఆటలలో వాటిని కంటికి కనబడే అవయవంకంటె కాస్త పెద్దవిగా చేయడం కూడా కద్దు. ఆడేవానికి అనుకూలంగా చేసే ఆ చిన్న మోసం సమంజసమైనదే.

ఎందుకంటే ఆడేవాని శరీరం యంత్రంకంటె చాలా మందగామి. కంటికి ఒక గుర్తు కనబడిన తరువాత వేలు కదలడానికి సుమారు సెకండులో అయిదవవంతు పడుతుంది. అంతలో యంత్రం 12 బొమ్మలు గీస్తుంది, సైనికుడు 4 మీటర్లు పోతాడు. మెడ దగ్గరకు వచ్చాక మీట నొక్కుదామనుకొనేవాడు ఎప్పటికీ నరకలేడు. 4 మీటర్ల ముందే నొక్కాలి. క్రికెట్టులో గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి బ్యాటు చేరడానికి అర సెకండు కూడా పట్టదు. బ్యాటుదారు బంతి విసిరేవాని చేతిని చూసి ముందే అంచనా కట్టినట్లే, ఈ ఆట నేర్చినవాడు రాక్షసుని భుజం కదలికను చూసి అడుగు ముందే వేస్తాడు. నేర్పు అనేది వేళ్ల వేగం కాదు, ముందుచూపు.

ఇంతవరకు ఆట భౌతికశాస్త్రాన్ని అనుసరించడానికి పడే పాట్లు. కావాలని అనుసరించని చోటు కూడా ఒకటి ఉన్నది. పెన్ను గొట్టంలోంచి దారం పోనిచ్చి, పై కొనకు చిన్న రబ్బరు ముక్క కట్టి తిప్పుతూ, కింది కొనను మెల్లగా లాగండి. రబ్బరు తిరిగే వృత్తం చిన్నదయ్యేకొద్దీ వేగం పెరుగుతుంది. కోణీయ ద్రవ్యవేగం మారదు గనుక వ్యాసార్ధం సగమైతే వేగం రెట్టింపవుతుంది. కేంద్రంవైపు ఉండవలసిన త్వరణం, వేగవర్గాన్ని వ్యాసార్ధంతో భాగించినంత, 8 రెట్లవుతుంది. రాక్షసుని చుట్టూ 10 మీటర్ల దూరంలో సెకండుకు 10 మీటర్ల వేగంతో తిరిగే సైనికునిపై ఈ త్వరణం దాదాపు గురుత్వ త్వరణమంతే. తీగను 5 మీటర్లకు చుట్టుకొంటే దానికి 8 రెట్లు. రెండున్నర మీటర్లకు చుట్టుకొంటే 64 రెట్లు! ప్రత్యేకమైన దుస్తులు ధరించి, తరిఫీదు పొందిన యుద్ధవిమాన చాలకులు కొద్ది సెకండ్లపాటు భరించేది సుమారు 9 రెట్లు. ఆటలోని సైనికుడు మెడను సమీపించేటప్పుడు వేగం ఇట్లా పెచ్చుపెరగదు. రచయితలు దానిని అదుపులో పెట్టారు. పెట్టకపోతే సైనికుని సంగతి అటుంచి, ఆడేవాని కంటికే ఏమీ అందదు.

తీగను చుట్టే యంత్రాన్ని గూర్చి ఒక చిన్న లెక్క. 60 కిలోగ్రాముల మనిషిని 20 మీటర్లు పైకి ఎత్తడానికి సుమారు 11,760 జౌళ్ల శక్తి చాలు. ఒక గ్రాము చక్కెరలో ఇంతకంటె ఎక్కువ శక్తి ఉన్నది. కాని రెండు సెకండ్లలో ఎత్తాలంటే దాదాపు 8 అశ్వశక్తి కావాలి. బావినుంచి పొలానికి నీరు తోడే 5 అశ్వశక్తి మోటారుకంటె పెద్దదాన్ని సైనికుడు నడుముకు కట్టుకొని ఎగురుతున్నాడు. శక్తికీ, సామర్థ్యానికీ గల భేదం బోధపడని విద్యార్థికి ఈ ఉదాహరణ పనికిరావచ్చు.

చివరకు రాక్షసుడు. 15 మీటర్ల ఎత్తంటే మనిషికి దాదాపు 8.8 రెట్లు. ఎముకల అడ్డుకోత వైశాల్యం 78 రెట్లు పెరిగితే బరువు 687 రెట్లు, అంటే 41 టన్నులు అవుతుంది. ఎముకలో ప్రతి చదరపు సెంటీమీటరూ మనిషి ఎముకకంటె దాదాపు 9 రెట్ల భారం మోయాలి. పెద్ద జంతువు చిన్న జంతువుకు కేవలం పెంచిన నమూనాగా ఉండలేదని గెలీలియో 1638లో ప్రకటించిన గ్రంథంలోనే చూపాడు. ఇసయామాకు ఈ అభ్యంతరం తట్టినట్లే ఉన్నది. రాక్షసుల అవయవాలు చూపులకు ఉండవలసినంత బరువు ఉండవని కథలోనే ఒక పాత్రచేత చెప్పించాడు. ఎముకలమీద భారం మనిషికి ఉన్నంతే ఉండాలంటే ఆ రాక్షసుడు 5 టన్నులకు లోపే తూగాలి. అప్పుడు అతని దేహ సాంద్రత నీటి సాంద్రతలో తొమ్మిదవవంతు. నరికిన చేయి నదిలో పడితే బెండులా తేలిపోతుంది.