గాజు దోషము – గణిత దోషము

2008వ సంవత్సరము నవంబరు మాసాంతమున కానన్ సంస్థవారి ఇ.ఓ.ఎస్. 5డి మార్క్ 2 అను కెమేరా విపణిలోనికి వచ్చినప్పుడు, దానికొఱకు కాచుకొనియున్న ఛాయాగ్రాహకుల యుత్సాహమునకు మేర లేకపోయెను. 36 మిల్లీమీటర్ల వెడల్పును 24 మిల్లీమీటర్ల ఎత్తును కలిగి పూర్వపు ఫిలిం చట్రమంత విశాలమైన సెన్సారు, దానిపై రెండుకోట్ల పదునొకండు లక్షల పిక్సెళ్లు, వీనికి తోడు నిశ్చలచిత్రములు తీయు పరికరముతోనే పూర్తి హెచ్.డి. చలనచిత్రమును సైతము తీయగల సౌకర్యము, ఇన్నియు ఒక్కచోట అంతకుముందు కూడియుండలేదు. అయితే రాత్రివేళ నగరదృశ్యములను తీసినవారు కొద్దిదినములలోనే ఒక వింతను కనిపెట్టిరి. దూరపు మేడల కిటికీలలోని దీపములు, వీథిదీపములు మున్నగు చిన్న చిన్న వెలుగుల ప్రక్కను, చిత్రమును పెద్దది చేసి చూచినయెడల, ఒక్కొక్క నల్లని చుక్క అంటుకొని యుండెను. ఎడమప్రక్కను లేదు, పైని లేదు, క్రింద లేదు. కుడిప్రక్కను మాత్రమే కలదు. ఆ డిసెంబరులోనే సంస్థవారు దోషమును అంగీకరించి, 2009 జనవరిలో 1.0.7 అను సంఖ్యగల ఫర్మ్‌వేరును, అనగా కెమేరాలోని గణకయంత్రమును నడపు ఆదేశావళిని, విడుదల చేసిరి. దానిని ఎక్కించుకొన్నవారి చిత్రములలో చుక్కలు అణగిపోయినవి. ఒక రకపు ఫైళ్లలో కనవచ్చుచుండిన నిలువుచారల బెడదయు దానితోనే తగ్గినది. ఇందులకై ఎవరును ఒక్క మరను విప్పలేదు, ఒక్క గాజుబిళ్లను మార్చలేదు.

క్రొత్త కెమేరాలో ఏదైన లోపము బయటపడినప్పుడు కొన్నవారు సాధారణముగా అడుగు ప్రశ్న, ఇది మంచి కెమేరాయా, చెడ్డ కెమేరాయా అని. అంతకుముందు అడుగవలసినది వేఱొకటి కలదు: ఆ లోపము పుట్టినది ఎచ్చట? గాజులోను లోహములోను పుట్టినదా, చిత్రమును కూర్చు గణితములో పుట్టినదా? గణితములో పుట్టినది చాలవఱకు గణితముతోనే పోవును. గాజులో పుట్టినదానికి ఎన్ని ఆదేశావళులు వ్రాసినను మందు కుదురదు. ఈ భేదము తెలియవలెనన్న సెన్సారు పనిచేయు తీరును కొంత తెలిసికొనవలసి యుండును.

సెన్సారనగా సన్నని సిలికాన్ పలక. వెలుగుకణము దానిని తాకినప్పుడు సిలికానులోని ఒక ఎలక్ట్రాను తన బంధమును వీడును. పిక్సెల్ అను ప్రతి గడియు, షట్టరు తెఱచియున్నంతసేపు, తనలో విడివడిన ఎలక్ట్రానులను కూడబెట్టుకొనును. ఆ పిమ్మట గడిగడిలోని విద్యుదావేశమును కొలిచి సంఖ్యగా మార్తురు. పైని చెప్పిన కెమేరాలో ఆ కొలతకు 16,384 మెట్లు కలవు. గడి నిండిన తరువాత ఎంత వెలుగు పడినను సంఖ్య పెరుగదు. రాత్రిదీపము వ్రాలిన గడుల గతి సాధారణముగా ఇదే.

గడికి వెలుగెంతయో తెలియునుగాని దాని రంగేదో తెలియదు. ఈ కొఱతను తీర్చుటకు కొడక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ అను శాస్త్రజ్ఞుడు ఒక యుపాయము పన్నెను; 1976లో దానికి పేటెంటు లభించినది. సగము గడులమీద ఆకుపచ్చని, నాలుగవవంతు గడులమీద ఎఱ్ఱని, తక్కిన నాలుగవవంతుమీద నీలి వడపోతలను చదరంగపు పలక వరుసలో అమర్చుటయే ఆ యుపాయము. మానవనేత్రము సూక్ష్మవివరములను ఆకుపచ్చకు చేరువైన కాంతిలో బాగుగా పట్టగలదు కావున దానికి రెట్టింపు పాలు దక్కినది. నేటి డిజిటల్ కెమేరాలలో పెక్కింటికి, చేతిఫోనులలోని కెమేరాలకు కూడ, ఇదియే ప్రాతిపదిక. కాని దీని ఫలితము ఆలోచింపదగినది. రంగుచిత్రములో ప్రతి బిందువునకు మూడు సంఖ్యలు కావలెను. గడి కొలిచినది ఒక్కటి. తక్కిన రెండును ఇరుగుపొరుగు గడులను చూచి గణకయంత్రము పూరించినవే. కెమేరా అబద్ధమాడదని వాదించువారు ఈ లెక్కను ఒకపరి స్మరించుట మంచిది. మన చేతిలోని రంగుఫొటోలో మూడింట రెండుపాళ్లు అంచనాయే.

అంచనాతో పూరించిన చిత్రము కొంత మెత్తబడుట సహజము. అందుచేత గణకయంత్రము చిత్రములోని అంచులను వెదకి, వెలుగువైపును మరికొంత వెలిగించి, నీడవైపును మరికొంత నల్లజేయును. కాటుక తీర్చిన కన్ను మరింత తెల్లగా కనబడునట్లు, ఈ సవరణచే అంచు తీక్ష్ణమై కనబడును. వెలుగు మోస్తరుగా ఉన్నంతవఱకు ఈ కల్పన మన కంటికి చిక్కదు. నల్లని యాకాశము నడుమ రెండుమూడు గడులంతటి దీపము నిండుగా వెలుగుచున్నచోట మాత్రము, అంచుకు ఇరుప్రక్కల గల తేడా మితిమీరుటచే, సవరణయు మితిమీరి నల్లని మచ్చగా బయటపడును. అయితే ఇంతమాత్రముననే కానన్ చుక్కల రహస్యము తేలిపోయినదనరాదు. ఈ సవరణ ఒక్కటియే కారణమైనయెడల దీపము చుట్టును నల్లని వలయము ఏర్పడవలెను. చుక్క కుడిప్రక్కనే ఏల నిలిచెను? సెన్సారులోని విలువలను ఒకదాని వెనుక ఒకటిగా వరుసనుబట్టి పరిష్కరింతురు గనుక, ముందు వచ్చిన గొప్పసంఖ్య వెంటనే వచ్చు చిన్నసంఖ్య సవరణను చెఱచినదేమో యని ఈ ఏకపక్షత సూచించుచున్నది. ఇది ఊహయే. ఆదేశావళి మారగానే దోషము అణగెననుట మాత్రము యథార్థము. మనకు కావలసిన సాక్ష్యము అంతియే.

గాజు దోషమునకు లైకా ఎం8 అను కెమేరాను మించిన నిదర్శనము నాకు కానరాదు. జర్మనీ దేశపు లైకా సంస్థ 1954 నుండి ఎం శ్రేణి కెమేరాలను నిర్మించుచు, చిన్న పరికరము, గొప్ప లెన్సు అను కీర్తిని గడించినది. ఆ శ్రేణిలో మొదటి డిజిటల్ కెమేరా 2006 సెప్టెంబరులో వెలువడిన ఎం8. అర్ధశతాబ్ది నుండి జనులు కొని దాచుకొన్న లెన్సులన్నియు దానికి అమరవలెనని నిర్మాతల పట్టుదల. అచ్చటనే చిక్కు వచ్చినది. లైకా ఎం కెమేరాలో లెన్సు ఆనుకొను చోటికిని ఫిలిమునకును నడుమ దూరము 27.8 మిల్లీమీటర్లు, నడుమ అద్దము తిరుగవలసిన కానన్ కెమేరాలలో అది 44 మిల్లీమీటర్లు. లెన్సు ఇంత చేరువలో ఉన్నప్పుడు, ముఖ్యముగా విశాలకోణపు లెన్సులలో, చిత్రపు మూలలకు చేరు కిరణములు మిక్కిలి ఏటవాలుగా పడును. ఫిలిమునకు ఆ వాలు పెద్ద బాధ కాదు, సెన్సారునకు బాధయే.

మన కన్ను సుమారు 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము దాటిన వెలుగును చూడజాలదు. సిలికాన్ 1,100 నానోమీటర్ల వఱకు చూడగలదు. మనకు కనబడని ఆ పరారుణ కిరణములు చిత్రములో చొరబడకుండ, వానిని ఆపు గాజుబిళ్లను సెన్సారు మీద కప్పుట సర్వసాధారణము. ఆ బిళ్ల దళసరిగా ఉన్నయెడల ఏటవాలు కిరణములు దానిలో వంగి మూలలు మసకబారును. పలుచనైనయెడల పరారుణము లోనికి జాఱును. లైకా యంత్రనిపుణులు మూలల స్ఫుటత్వమునే కోరి, అర మిల్లీమీటరు బిళ్లతో సరిపెట్టిరి.

ఫలితము వెంటనే కంటబడినది. కృత్రిమ నూలుతో నేసిన నల్లని దుస్తులు ఫొటోలలో వంగపండు రంగునకు తిరిగినవి. నల్లరంగు అద్దకములలో పెక్కు, కనబడు వెలుగును మ్రింగివేయుచునే, పరారుణమును ధారాళముగా ప్రతిఫలించును. కాబట్టి మన కంటికి నల్లనిదైన కోటు సిలికాన్ కంటికి వెలుగుచుండును. ఆ వెలుగు ఎఱ్ఱని గడులలోనికి ఎక్కువగా చొచ్చును. పైగా తెలుపును తెలుపుగా చూపుటకు ఎఱుపు, నీలము విలువలను ఆకుపచ్చకంటె హెచ్చుగా పెంచుట కెమేరాలలో వాడుక. ఈ రెండును కలిసి నలుపును ఊదాగా మార్చినవి. ప్రక్కప్రక్కను నిలిచిన ఇద్దరి నల్లకోట్లలో, అద్దకము భేదమునుబట్టి, ఒకటి నల్లగాను మరియొకటి ఊదాగాను పడుట కద్దు. ప్రకృతిలోని పచ్చని యాకులు కూడ పరారుణమును మిక్కుటముగా విరజిమ్మును గనుక వాని పచ్చదనము పసుపువాఱినది.

దీనికి ఫర్మ్‌వేరు ఏమి చేయగలదు? ఊదారంగు కోటును నల్లజేయుమని ఆజ్ఞాపించినయెడల, అది నిజముగా ఊదారంగు ధరించినవాని కోటును కూడ నల్లజేయును. కొలతలోనే రెండు వస్తువుల భేదము నశించిన పిమ్మట ఏ గణితమును దానిని తిరిగి తేజాలదు. లైకావారు ఈ సంగతి గ్రహించి, కెమేరా కొన్నవారికి లెన్సు ముందు బిగించుకొను పరారుణ నిరోధక ఫిల్టర్లను రెండేసి ఉచితముగా ఇచ్చిరి. గాజు దోషమునకు గాజే మందైనది. కాని ఆ మందు మరియొక రోగమును తెచ్చినది. ఈ ఫిల్టరు పలు పలుచని పొరల పూతచే పనిచేయునది. కిరణము వాలినకొలది అది అడ్డగించు హద్దు ఎఱుపువైపునకు జఱుగును. కావున విశాలకోణపు లెన్సులతో చిత్రపు నడిమిభాగము సరిగానున్నను మూలలలో ఎఱుపు తఱిగి నీలిపచ్చ ఛాయ అలముకొనెను. ఈ రెండవ రోగము లెన్సును బట్టి లెక్కకు అందునది. అందుచేత దానిని గణితము మాన్పగలిగెను. లెన్సు పళ్లెముపై ఆఱు గుఱుతులు నలుపు తెలుపులుగా దిద్దియుండ, కెమేరా వానిని చదివి, ఏ లెన్సు బిగించినారో ఎఱిగి, మూలలను సవరించుకొనును.

2009లో వచ్చిన ఎం9లో కప్పుగాజును కొంత దళసరి చేసి, పరారుణపు పీడను బయటి ఫిల్టరు లేకయే చాలవఱకు తొలగించిరి. కథ ఇచ్చట ముగిసినను బాగుండెడిది. కొన్ని యేండ్లకు ఆ కప్పుగాజే క్షయమునకు లోనై చిత్రములలో మచ్చలు చూపనారంభించెను. 2014లో సంస్థవారు దోషమును అంగీకరించి సెన్సార్లను మార్చియిచ్చు ఏర్పాటు చేసిరి. పరికరనిర్మాణమున ఒక చిక్కును విడదీయుట పలుమారులు దానిని వేఱొకచోటికి జఱుపుటయే యగును.

నికాన్ డి600ది మరియొక దారి. 2012 సెప్టెంబరులో వెలువడిన ఈ కెమేరా చిత్రములలో, విశేషముగా పై యెడమ మూలను, బూడిదరంగు మచ్చలు కనబడినవి. సెన్సారు పైగాజు మీద చేరిన సూక్ష్మకణముల నీడలు అవి; ఆ కణములకు షట్టరే మూలమని పలువురు అనుమానించిరి. వీనిలో ఒక మాయ కలదు: లెన్సు ద్వారమును విశాలముగా తెఱచి తీసినప్పుడు మచ్చ కనబడదు, బాగుగా మూసి తీసినప్పుడు స్పష్టముగా కనబడును. కణము సెన్సారునకు ఒక మిల్లీమీటరు ఎత్తున ఉన్నదనుకొందము. ద్వారము విశాలమైన ఎఫ్/2 వద్ద వెలుగు వెడల్పైన శంకువుగా వచ్చును గనుక నీడ అంచు అర మిల్లీమీటరు మేర చెదిరి కరగిపోవును. ద్వారము సన్నబడిన ఎఫ్/16 వద్ద ఆ చెదరుట మిల్లీమీటరులో పదునాఱవ వంతునకు మించదు; నీడ గట్టిపడి మచ్చ తేలును. అందుచేతనే నిర్మలాకాశమును తీసినవారు గగ్గోలు పెట్టగా, మనుష్యుల ముఖములు మాత్రమే తీసినవారు ఆశ్చర్యపడిరి. 2013 ఫిబ్రవరిలో సంస్థవారు శుభ్రపఱచుకొనుటకు సలహా నిచ్చిరి. అదే సంవత్సరము అక్టోబరులో క్రొత్త షట్టరుతో డి610ను విడుదల చేసిరి. 2014లో చైనా ప్రభుత్వ టెలివిజను ఈ విషయమును రచ్చకెక్కించగా, షాంఘై అధికారులు డి600 విక్రయమును నిలిపివేయించిరి. వారంటీ గడచినవారికి సైతము ఉచితముగా షట్టరు మార్చుటకు సంస్థవారు ఆ యేడే ఒప్పుకొనిరి. ఫుజిఫిలిం ఎక్స్10 విషయమునను ఇట్లే జరిగెను: చిన్న తళుకులను పెద్ద తెల్లని బిళ్లలుగా చూపు దాని లోపమును 2012లో మొదట ఫర్మ్‌వేరుతో తగ్గింపజూచి, అది చాలక, తుదకు మార్చిన సెన్సారును అమర్చవలసి వచ్చినది.

ఇన్ని జరిగినను 5డి మార్క్ 2 మంచి కెమేరా యనియే పేరొందినది. డి600 చిత్రములను, మచ్చలు తుడిచిన పిదప, తీసిపాఱవేయదగినవని ఎవరును అనజాలరు. విడుదలయైన తొలినెలలోనే కొనవలసిన అగత్యము లేనివారు ఒకటిరెండు ఫర్మ్‌వేరులు వెలువడువఱకు ఓపికపట్టుట మేలని నా మతము. ఆగలేనివారు కొన్న వారములోనే మబ్బులేని యాకాశమును ఎఫ్/16తోను, రాత్రి వీథిదీపములను, ఎండలో ఆరవేసిన నల్లని పాలియెస్టరు వస్త్రమును తీసి, చిత్రములను పూర్తి పరిమాణమునకు పెంచి నాలుగు మూలలును పరిశీలింపుడు. మచ్చ కనబడినయెడల, ఫర్మ్‌వేరు వచ్చునులెండని అంగడివాడు చెప్పినను, వారంటీ గడువు మీఱకముందే కెమేరాను సర్వీసు కేంద్రమునకు చూపి, వారి మాటను కాగితముపై వ్రాయించుకొనుడు.