అల్యూమినియం ఒంటిమీద రంగు నిలబెట్టిన పొర

మరపడవ ముందద్దం చుట్టూ ఉండే అల్యూమినియం ఫ్రేము మీద రంగు ఊడడం దాదాపు ఎప్పుడూ ఒకే తీరుగా మొదలవుతుంది. స్క్రూ తల పక్కనో, ఫ్రేము మూల అంచునో ముందు ఆవగింజంత పొక్కు లేస్తుంది. గోటితో నొక్కితే పగిలి లోపల తెల్లటి పొడి కనిపిస్తుంది. కొన్నాళ్ళకు రంగు పొట్టులా పైకి లేచి, వేలితో లాగితే చారలు చారలుగా వచ్చేస్తుంది. యజమాని ముందు పెయింటు కంపెనీని తిట్టుకుంటాడు, తరువాత పెయింటరును. పైనుంచి ఇంకో కోటు కొట్టిస్తాడు. అదీ ఊడుతుంది. జబ్బంతా రంగుకూ లోహానికీ నడుమ ఉన్న సందులో ఉంది. ఆ సందును చక్కబెట్టే పద్ధతి పుట్టి నూరేళ్ళు దాటింది. అది పుట్టిందే నీటిమీద తేలే యంత్రాల కోసం.

సముద్రం ముఖం చూడని కోలారు జిల్లాకు ఈ కథతో చుట్టరికం లేదనుకోవడానికి వీల్లేదు. కోలారు నుంచి చిక్కబళ్ళాపురం వెళ్ళే దారిలో ఉన్న వేమగల్ పారిశ్రామికవాడలో ఇప్పుడు అల్యూమినియం పని జోరుగా సాగుతోంది. టాటా అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ ఇక్కడ కూర్చిన టీశాట్-1ఏ ఉపగ్రహం 2024 ఏప్రిల్‌లో స్పేస్‌ఎక్స్ వారి ఫాల్కన్ 9 రాకెట్ మీద కక్ష్యకు చేరింది. ఎయిర్‌బస్ హెచ్125 హెలికాప్టర్ల తుది కూర్పుకు టాటా, ఎయిర్‌బస్ సంస్థలు ఎంచుకున్న చోటు కూడా వేమగలే. ఉపగ్రహమైనా, హెలికాప్టరైనా, పడవ అద్దం ఫ్రేమైనా అల్యూమినియం వాడిన ప్రతిచోటా ఎదురయ్యే చిక్కు ఒకటే: ఈ లోహం మీద మరో పదార్థం పట్టుకుని నిలబడాలంటే ముందు లోహాన్ని ఒప్పించాలి.

ఇదే జిల్లాలో, కేజీఎఫ్ గనుల్లో నూట ఇరవై ఏళ్ళు తవ్వి తీసిన లోహానికి ఈ బాధ లేదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ పని మొదలుపెట్టిన నాటి నుంచి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా బయటికొచ్చిన బంగారమంతా గాలితో, తేమతో ఏమాత్రం పొత్తు పెట్టుకోని లోహం. దానికి తుప్పు లేదు, రంగూ అక్కర్లేదు. ఆ గనుల నోళ్ళ మీద నిలిపిన ఇనుప గోపురాలకు, అంటే హెడ్‌గేర్లకు, మాత్రం పెయింటు బకెట్లతో పని పడేది. అల్యూమినియం ఈ రెంటికీ భిన్నం. గాలి సోకగానే దాని ఒంటిమీద కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర కట్టేస్తుంది. గీరితే క్షణాల్లో మళ్ళీ కడుతుంది. లోహాన్ని కాపాడేది ఆ పొరే. కానీ రంగుకు అది మంచి పునాది కాదు. చాలా పలచన, చాలా నునుపు. పైగా ఉప్పులోని క్లోరైడ్ దానికి అక్కడక్కడా తూట్లు పొడుస్తుంది.

స్వచ్ఛమైన అల్యూమినియం అయితే కొంత నయం. అది మెత్తన కాబట్టి యంత్రాలకు పనికిరాదు. మెత్తదనాన్ని పోగొట్టిన మనిషి జర్మన్ లోహశాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ విల్మ్. తూటాల తొడుగులకు వాడే ఇత్తడి బదులు తేలికైన లోహం కావాలని సైన్యం అడిగితే ఆయన బెర్లిన్ దగ్గరి ప్రయోగశాలలో అల్యూమినియానికి కాస్త రాగి, మెగ్నీషియం, మాంగనీస్ కలిపి చూస్తున్నాడు. 1906లో ఒక శనివారం రేకును వేడి చేసి నీళ్ళలో ముంచి, గట్టిదనం కొలవడం మొదలుపెట్టి, మిగతాది సోమవారానికి వదిలేశారు. సోమవారం కొలిస్తే రేకు తనంతట తానే బాగా గట్టిపడి ఉంది! శనివారం కొలత తప్పేమోనని మళ్ళీ మళ్ళీ చేసి చూశారు. తప్పు కాదు. చల్లారిన లోహం లోపల రాగి పరమాణువులు మెల్లగా గుంపులు కట్టి, పొరలు ఒకదానిమీద ఒకటి జారకుండా అడ్డుపడుతున్నాయని లోకానికి అర్థం కావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. విల్మ్‌కు 1909లో పేటెంట్లు వచ్చాయి. డ్యూరెన్ పట్టణంలోని కంపెనీ ఆ మిశ్రమలోహానికి డ్యూరాలుమిన్ అని పేరు పెట్టింది. జెప్పెలిన్ గాలినౌకల ఎముకలు దానితోనే తయారయ్యాయి. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక విల్మ్ లోహాలను వదిలి పొలం పనుల్లోకి వెళ్ళిపోయాడు.

డ్యూరాలుమిన్‌కు బలమిచ్చిన రాగే దాని చేటుకూ కారణం. రాగి ఎక్కువున్న చుక్క, దాని పక్కనే రాగి తక్కువున్న లోహం, వాటి మీద ఉప్పునీరు: అంతే, చిన్న బ్యాటరీ తయారు. అల్యూమినియం కరిగిపోతూ ఉంటుంది. నేల మీద దిగే విమానంలో ఇది నెమ్మది రోగం. నీటిమీద దిగి నీటిమీదే లేచే సముద్ర విమానాల్లో మాత్రం విమానాన్ని నీటిపై తేల్చే తొట్లకు చూస్తుండగానే చిల్లులు పడేవి. బ్రిటన్‌కు అలాంటి విమానాలు కావాలి. రంగేస్తే నిలవదు.

ఇక్కడే అసలు ఆవిష్కరణ జరిగింది. 1923లో బెంగఫ్, స్టూవర్ట్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు తుప్పు ఆడే ఆటను మనిషి చేతిలోకి తీసుకున్నారు. అల్యూమినియం ఎలాగూ ఆక్సిజన్‌తో కలుస్తుంది కదా, ఆ కలయికను మనమే దగ్గరుండి, మనకు కావలసినంత మందంగా జరిపిస్తే పోలేదా? పలచటి క్రోమిక్ ఆమ్లం తొట్టిలో డ్యూరాలుమిన్ భాగాన్ని వేలాడదీసి, దాన్ని విద్యుత్తు ధన ధ్రువానికి కలిపారు. ఒక్కసారిగా కాకుండా వోల్టేజిని మెట్లుమెట్లుగా 40కి, ఆపై 50కి పెంచారు. ఆక్సిజన్ లోహం ఉపరితలం దగ్గరే పుట్టి అక్కడికక్కడే దానితో కలిసింది. సహజంగా నానోమీటర్లలో ఉండే పొర కొన్ని మైక్రాన్లకు, అంటే వెయ్యి రెట్లకు పెరిగింది. దీన్నే అనోడైజింగ్ అంటున్నాం.

ఇది పూత కాదు. పూత అంటే బయటినుంచి తెచ్చి వేసేది. ఇది లోహంలోంచే మొలిచిన పొర, కొంత లోపలికి, కొంత బయటికి పెరుగుతుంది, అందుకే ఊడి రాదు. రసాయనికంగా కెంపూ, నీలమూ ఏ పదార్థమో ఇదీ అదే, అల్యూమినియం ఆక్సైడ్. 1953లో కెల్లర్, హంటర్, రాబిన్సన్ అనే అమెరికన్ పరిశోధకులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూసి దీని లోపలి కట్టడాన్ని లోకానికి చూపించారు: తేనెపట్టులా షట్కోణపు గదులు, ప్రతి గది నడుమ నిలువునా ఒక సన్నటి రంధ్రం. రంగుకు పట్టు దొరికేది ఆ రంధ్రాల్లోనే. ప్రైమరు ద్రవంగా ఉన్నప్పుడు వాటిలోకి దిగి, ఆరాక వేళ్ళు తన్నినట్టు నిలుస్తుంది.

క్రోమిక్ ఆమ్లాన్ని ఎంచుకోవడంలో ఇంకో సుగుణముంది. రెండు రేకులు కలిసే అతుకులో కాస్త ఆమ్లం మిగిలిపోయినా అది లోహాన్ని తినదు, పైగా తుప్పును అడ్డుకుంటుంది. ఎక్కడైనా కంటికి కనపడని పగులుంటే అందులోంచి పసుపు మరక ఊరి పట్టిచ్చేస్తుంది. విమాన తయారీదార్లు దాదాపు శతాబ్దం పాటు దీన్ని వదలకపోవడానికి ఇవే కారణాలు. 1927లో గోవర్, ఓబ్రయన్ గంధకామ్లంతో ఇదే పని చవకగా, ఇంకా మందంగా చేసే పద్ధతికి పేటెంటు తెచ్చారు. ఇళ్ళ కిటికీలకూ, పడవల ఫ్రేములకూ అందినది ఈ రెండోదే.

నీటిమీద దిగే విమానం తెలుగువాళ్ళకు పాత బొమ్మల్లో చూసే వింత కాదిప్పుడు. 2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలం జలాశయానికి డీహావిలాండ్ ట్విన్ ఆటర్ ప్రయోగాత్మకంగా ఎగిరింది. కృష్ణ మంచినీరు కాబట్టి లోహానికి పెద్ద పరీక్ష కాదు. మాల్దీవుల్లాంటి ఉప్పునీటి చోట్ల ఇలాంటి విమానాలను మంచినీటితో కడగడం నిత్యకృత్యం.

మళ్ళీ ఫ్రేము దగ్గరికి వద్దాం. పడవ ముందద్దం ఫ్రేము సాధారణంగా మెగ్నీషియం, సిలికాన్ కలిపిన 6063 లాంటి మిశ్రమలోహం. కోలారులో కొత్త ఇంటికి బిగించే కిటికీ ఫ్రేము కూడా దాదాపు అదే. తుప్పు విషయంలో ఇది డ్యూరాలుమిన్ అంత బలహీనం కాదు. దీనిమీద తరచుగా ఉండేది పౌడర్ కోటింగ్. 1950ల్లో జర్మనీలో ఎర్విన్ గెమ్మర్ ప్లాస్టిక్ పొడిని గాలితో నీళ్ళలా తేలేటట్టు చేసి, అందులో వేడి లోహాన్ని ముంచడంతో ఇది మొదలైంది. 1960ల నుంచి పొడికి విద్యుదావేశమిచ్చి గన్‌తో చిమ్మడం వచ్చింది. చిమ్మిన పొడి అంటుకున్నాక సుమారు 180 నుంచి 200 డిగ్రీల ఓవెన్‌లో పెడితే కరిగి, గట్టిపడి, 60-80 మైక్రాన్ల పొరవుతుంది. టిన్నర్ వాసన ఉండదు, కింద పడ్డ పొడిని మళ్ళీ వాడొచ్చు. చక్కటి పని.

లోపమల్లా పదును అంచుల దగ్గర. కరిగిన పొడి అంచు నుంచి వెనక్కి లాక్కుంటుంది, అక్కడ పొర పలచబడుతుంది. కోటింగ్ అయ్యాక డ్రిల్లు వేసి స్క్రూలు బిగిస్తే రంధ్రం లోపలి గోడ నగ్నంగా మిగిలిపోతుంది. అందులో స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూ, చుట్టూ ఉప్పునీరు: రెండు లోహాల్లో కరిగేది అల్యూమినియమే. పుట్టిన తెల్లటి పొడి ఎక్కువ చోటు అడుగుతుంది కాబట్టి రంగును కిందినుంచి పైకి తోస్తుంది. కొన్నిసార్లు ఇది వానపాము జాడలా వంకర గీతలుగా రంగు కింద పాకుతూ పోతుంది. గీత తల దగ్గర ద్రవం లోహాన్ని తింటూ ముందుకెళ్తుంటే వెనక పొడి తోకలా మిగులుతుంది. ఈ దారపు తుప్పును 1944లోనే షర్మన్ అనే పరిశోధకుడు వర్ణించాడు. పైనుంచి ఎన్ని కోట్లు వేసినా ఆ తల కదలిక ఆగదు. ఫ్రేమును అసలు అనోడైజ్ చేసి, ఆ పొరలోని సన్నటి రంధ్రాలు మరుగునీటితో మూసేసి, ఆ నునుపు మీదే రంగు కొట్టినప్పుడు జరిగేది మరో రకం: తుప్పేమీ ఉండదు, పట్టు దొరక్క రంగు పొట్టులా లేస్తుంది.

కాబట్టి బాగుచేయడం మొదలయ్యేది విప్పడంతో. అద్దమూ రబ్బరూ తీసేసి ఫ్రేమును పూర్తిగా విప్పగలిగితే పౌడర్ కోటింగ్ షాపుకు ఇవ్వడం ఉత్తమం. బెంగళూరు పీణ్య లాంటి పారిశ్రామికవాడల్లో అవి కొల్లలు. అడగాల్సిన ప్రశ్న రంగు నంబరు గురించి కాదు, పొడి చిమ్మేముందు అల్యూమినియానికి రసాయన స్నానం ఏది చేయిస్తారని. నీళ్ళతో కడిగి ఆరబెడతాం అంటే మరో షాపు వెతుక్కోవాలి. ఫ్రేము విప్పడం కుదరకపోతే ఓవెన్ లేదు కాబట్టి రెండు డబ్బాల ఎపాక్సీ ప్రైమరు, దానిమీద పాలియురెథేన్ పెయింటు.

అద్దానికీ రబ్బరుకూ మాస్కింగ్ టేపు వేసి, లేచిన రంగునంతా గీరేయాలి. లేవని రంగు అంచుల్ని ఎమరీ పేపరుతో మెట్టు లేకుండా దింపాలి. ఉక్కు బ్రష్షు మాత్రం ముట్టకూడదు. అది వదిలిన ఇనుప రజను లోహంలో దిగి కొత్త తుప్పుకు విత్తనమవుతుంది. నైలాన్ రాపిడి ప్యాడు వాడాలి. పొక్కుల చోట తెల్లపొడి ఆనవాలు కూడా లేకుండా మెరిసే లోహం కనపడేదాకా వెళ్ళాలి. ఎంతోమంది పని ఇక్కడే తొందరపడి చెడుతుంది. తరువాత ఒక గుడ్డతో టిన్నరు పూసి, అది ఆరకముందే మరో పొడి గుడ్డతో తుడవాలి. ఒకే గుడ్డతో చేస్తే జిడ్డు చోటు మారుతుంది, పోదు. ఇప్పుడు నీళ్ళు పోసి చూడాలి. నీరు తెగకుండా పొరలా పరుచుకుంటే శుభ్రమైనట్టు, ముత్యాల్లా విడిపోతే జిడ్డున్నట్టు.

శుభ్రమయ్యాక ఫాస్ఫారిక్ ఆమ్లపు ద్రావణంతో కాస్త కొరికించి, కడిగి, కన్వర్షన్ కోటింగ్ ఇవ్వాలి. ఇది కరెంటు లేకుండా రసాయనంతోనే ఉపరితలాన్ని మార్చే పద్ధతి. పూర్వం అందరూ వాడింది షడ్వేలన్సీ క్రోమియం. బంగారు పసుపు ఛాయతో ఉండే ఆ పొర పని గొప్పది. కరెంటును కూడా పోనిస్తుంది. అనోడైజ్ పొర విద్యుత్తును ఆపేస్తుంది కాబట్టి ఉపగ్రహాల్లో భాగాలన్నీ విద్యుత్‌పరంగా కలిసి ఉండాల్సిన చోట ఈ పొరే దిక్కయింది. కానీ షడ్వేలన్సీ క్రోమియం మనుషుల్లో క్యాన్సరు కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలో చేర్చింది. అలాంటి క్రోమియంతో పనిచేసిన కార్మికుల ఊపిరితిత్తులే దానికి సాక్ష్యం. వాళ్ళ సంగతి తలచుకోకుండా ఈ ఆవిష్కరణను మెచ్చుకోవడం న్యాయం కాదు. అమెరికా నౌకాదళ పరిశోధకులు త్రివేలన్సీ క్రోమియం పద్ధతిని తీర్చిదిద్దారు. కిటికీ పరిశ్రమ జిర్కోనియం, టైటానియం లవణాల వైపు మళ్ళింది. ఎయిర్‌బస్ క్రోమిక్ ఆమ్లం స్థానంలో చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లాన్ని గంధకామ్లంతో కలిపి అనోడైజ్ చేసే పద్ధతికి మారింది. పాత పడవ ఫ్రేము మీద పసుపుపచ్చ ప్రైమరు కనిపిస్తే అది జింక్ క్రోమేట్ కావచ్చు. దాన్ని పొడిగా రుద్దకూడదు, తడిపి, మాస్కు పెట్టుకునే రుద్దాలి.

కన్వర్షన్ పొర ఆరాక చేత్తో ముట్టకుండా అదే రోజు ప్రైమరు వేయాలి. ఆలస్యమైతే గాలిలోని దుమ్మూ జిడ్డూ ముందుగా చేరిపోతాయి. పాలియురెథేన్ గట్టిపరిచే డబ్బాలో ఐసోసయనేట్లుంటాయి. స్ప్రే గన్‌తో కొట్టేటప్పుడు గుడ్డ కట్టుకుంటే చాలదు, తగిన రెస్పిరేటర్ కావాలి. తిరిగి బిగించేటప్పుడు ప్రతి రంధ్రం లోపలికీ ప్రైమరు తాకించి, స్క్రూ తల కింద నైలాన్ వాషరు పెట్టి, మరలకు సీలెంట్ పూస్తే రెండు లోహాలూ ఒకదాన్నొకటి తాకవు.

ఫ్రేముతో పాటే అదే పద్ధతిలో ఒక అల్యూమినియం ముక్కకు కూడా రంగు వేసి ఉంచుకోవడం అనుభవజ్ఞుల అలవాటు. పూర్తిగా గట్టిపడ్డాక బ్లేడుతో దానిమీద నిలువు, అడ్డ గీతలు లోహం తగిలేలా గీసి, గడుల మీద టేపు గట్టిగా అంటించి ఒక్క లాగు లాగుతారు. ఒక్క గడి కూడా టేపుతో రాకపోతే పడవను నీళ్ళలోకి దింపొచ్చు. గడులు ఊడి వస్తే రంగు డబ్బా మార్చడం దండగ, మళ్ళీ టిన్నరు గుడ్డ దగ్గర నుంచి మొదలుపెట్టాల్సిందే.