మాజీ సైనికుల మందుబిళ్ల సుప్రీంకోర్టు దాకా వెళ్లింది

మన జిల్లాలో సైన్యం మాటెత్తితే ముందుగా గుర్తొచ్చే ఊరు తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరం. మిలటరీ మాధవరం అంటేనే చాలామందికి తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి సైన్యానికి మనుషులను పంపుతున్న ఈ ఊళ్లోనే కాదు, చుట్టుపక్కల పల్లెల్లోనూ మాజీ సైనికులు తక్కువేమీ లేరు. వీరిలో పెద్దవయసు వారు ఏ అరుగు మీద కలిసినా మాట కాసేపటికి బీపీ మాత్రల మీదికి, చక్కెర వ్యాధి మందుల మీదికి మళ్లుతుంది.

సర్వీసులో ఉన్న జవానుకు జ్వరం వస్తే మాత్ర సర్కారుదే, మంచం సర్కారుదే. పింఛను కాగితం చేతికొచ్చిన మర్నాటి నుంచి లెక్క మారిపోతుంది. జవానును నలభై ఏళ్లయినా నిండకముందే ఇంటికి పంపే ఉద్యోగమిది. జబ్బులు పలకరించేదేమో ఆ తర్వాత. మిలటరీ ఆస్పత్రుల్లో పింఛనుదారులను చూసేవారు కానీ, సర్వీసులో ఉన్నవారికి పోను మంచాలు మిగిలితేనే. పైగా మన జిల్లా వాసి పెద్ద వైద్యానికి వెళ్లాలంటే విశాఖపట్నమో సికింద్రాబాదో రైలెక్కాలి. చీటీలో రాసిన మందుల కంటే దారిఖర్చే ఎక్కువయ్యే రోజులవి.

ఈ పరిస్థితి మీద మాజీ సైనికుల సంఘాల సమాఖ్య 1999లో సుప్రీంకోర్టు తలుపు తట్టింది. రిట్ పిటిషన్ నంబరు 210. సర్వీసులో ఉన్నవారికి అందుతున్న పూర్తి ఉచిత వైద్యం తమకూ అందాలని, అది దయాధర్మం కాదు హక్కు అని వారి వాదన.

ఆ ధైర్యం ఊరికే వచ్చింది కాదు. రక్షణ శాఖలో ఆర్థిక సలహాదారుగా చేసి 1972లో రిటైరైన డి.ఎస్.నకారా వేసిన కేసులో 1982 డిసెంబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పింఛను భిక్ష కాదని తేల్చింది. 1979 మార్చి 31కి ముందు రిటైరైన వారికి ఒక లెక్క, తర్వాతి వారికి మరో లెక్క చెల్లదని కొట్టేసింది. ఏటా డిసెంబరు 17న పింఛనుదారుల దినోత్సవం జరిపేది ఈ తీర్పును తలచుకునే.

అయితే మందుల కేసు పింఛను కేసంత తేలిక కాలేదు. 1998లోనే సుప్రీంకోర్టు పంజాబ్ ఉద్యోగుల వైద్యఖర్చుల వ్యవహారంలో, ఖజానా స్తోమతు చూసుకుని ప్రభుత్వం చెల్లింపులకు పరిమితి పెట్టుకోవచ్చని చెప్పి ఉంది. మాజీ సైనికులు నడిచింది ఆ తీర్పు నీడలోనే.

కేసు నడుస్తుండగానే కేంద్రం మాజీ సైనికుల కంట్రిబ్యూటరీ హెల్త్ స్కీమును తెచ్చింది. అందరూ ఈసీహెచ్ఎస్ అనేది దీన్నే. 2003 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. పాలీక్లినిక్కుల్లో డాక్టరు చూస్తారు, మందులు ఇస్తారు, పెద్ద జబ్బయితే ఒప్పందమున్న ఆస్పత్రికి పంపుతారు. స్కీము బాగానే ఉంది. కానీ అప్పట్లో చేరాలంటే పింఛనును బట్టి 1,800 రూపాయల నుంచి 18,000 రూపాయల వరకు ఒకేసారి చెల్లించాల్సి వచ్చేది. అప్పటికి నెలనెలా వస్తున్న 100 రూపాయల వైద్యభత్యం వదులుకోవాల్సి వచ్చేది. ఉచితం అడిగితే చందా అడుగుతారా అని సంఘాల వారు వాదన కొనసాగించారు.

2006 ఆగస్టు 22న రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. వైద్యసహాయం రాజ్యాంగం 21వ అధికరణం కింద మాజీ సైనికులతో సహా పౌరులందరికీ ప్రాథమిక హక్కేనని ఒప్పుకుంది. ఆ వెంటనే, ఒక్కసారి చందా అడగడం ఆ హక్కుకు విరుద్ధం కాదని కూడా చెప్పింది. అంటే మాట నెగ్గింది, డబ్బు నెగ్గలేదు.

అలాగని ఉత్తచేతులతో తిరిగి వచ్చారనడానికీ వీల్లేదు. 1996 జనవరి 1కి ముందు రిటైరైన వారి చందా మాఫీ చేయడం సబబని న్యాయస్థానం చెప్పింది. ఐదో వేతన సంఘం లెక్క మొదలైన తేదీ అది. అంతకు ముందు దిగిపోయిన వారి పింఛను చిన్నది. తర్వాత ప్రభుత్వం వారిని చందా నుంచి మినహాయించింది. సైన్యం నుంచి ఎప్పుడో వచ్చేసిన ముసలివారికి ఈ ఒక్క మినహాయింపు వల్ల కలిగిన మేలు చిన్నది కాదు. కేసు వెయ్యకపోతే ఇది వచ్చేదా అన్నది సందేహమే.

ఇక మందుల సంగతి. కార్డు చేతికొచ్చినా మాత్ర చేతికి రావడం వేరే విషయం. పాలీక్లినిక్కుల్లో మందుల కొరతను కాగ్ 2015 నాటి నివేదికలో ఎత్తిచూపింది. కిటికీ దగ్గర లేని మందును లేదని రాయించుకుని, అధీకృత మందుల దుకాణం నుంచి తెచ్చుకునే ఏర్పాటు ఉంది. ఆ కాగితం కోసం మళ్లీ క్యూ కట్టాలి. డెబ్బై దాటిన మనిషికి, పల్లె నుంచి బస్సులో వచ్చినవారికి, అది చిన్న పని కాదు.

అత్యవసరంగా బయటి ఆస్పత్రిలో చేరి బిల్లు కోసం తిరిగేవారికి మరో తీర్పు తెలిసి ఉండాలి. శివకాంత్ ఝా అనే కేంద్ర ప్రభుత్వ పింఛనుదారు కేసులో 2018 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు, ఆస్పత్రి జాబితాలో లేదన్న ఒక్క కారణంతో బిల్లు తిప్పికొట్టరాదని చెప్పింది. వైద్యం నిజంగా జరిగిందా, కాగితాలు సరిగా ఉన్నాయా అన్నదే చూడాలంది. ఆయనకు ఆపిన సుమారు 5 లక్షల రూపాయలు ఇప్పించింది. ఆ కేసు కేంద్ర ఉద్యోగుల సీజీహెచ్ఎస్ స్కీముకు సంబంధించినది. అయినా ఇలా బిల్లు తిరిగొచ్చిన మాజీ సైనికులు ఆ తీర్పు ప్రతిని అర్జీకి జత చేయవచ్చు. దానితోపాటు డాక్టరు చీటీ, డిశ్చార్జి కాగితం, మందుల రశీదులు అసలువి ఇచ్చే ముందు జిరాక్సు తీసి ఇంట్లో ఉంచుకోవాలి.